చూపు పాఠాలు – 3: కదిలితేనే కనిపించే అంచు

పోయిన పాఠంలో కనిజ్సా త్రిభుజం గీశాం. ఇటలీ మనస్తత్వవేత్త గాయెటానో కనిజ్సా 1955లో చూపించిన బొమ్మ అది. మూడు నల్ల బిళ్ళల్లో తలా ఒక ముక్క కోసేస్తే, మనం గీయని తెల్ల త్రిభుజం మధ్యలో తేలింది కదా. అక్కడ బొమ్మ కదలదు. ఇవాళ్టి అంచు మాత్రం కదిలితేనే పుడుతుంది.

పొద్దున్నే నెల్లూరు దగ్గరి మైపాడు తీరానికి వెళ్ళి ఇసుక మీద చూడండి. ఇసుక రంగు చిన్న ఎండ్రకాయ మీ ముందే ఉంటుంది, కనపడదు. కాస్త పక్కకి జరిగిందా, డిప్పా కాళ్ళూ అన్నీ తెలిసిపోతాయి. ఆగిందా, మళ్ళీ ఇసుకే. దాని రంగు మారలేదు, వెలుగూ మారలేదు. డిప్ప మీది మచ్చలన్నీ కలిసి ఒకవైపు జరిగాయి, చుట్టూ ఉన్న ఇసుక జరగలేదు. పైగా ముందువైపు రేణువులు దాని కింద మరుగవుతుంటే వెనకవైపు కొత్తవి బయటపడుతున్నాయి. ఈ తేడా ఎక్కడ వస్తే అక్కడ మెదడు గీత గీస్తుంది. కలిసి కదిలేవాటిని చూపు ఒక్కటిగా కడుతుందని మనస్తత్వవేత్త మాక్స్ వెర్థైమర్ 1923లోనే రాశాడు.

ఇది ఇంట్లో చేసి చూడండి, చదివి వదిలేయొద్దు. జిరాక్స్ షాపులో స్పైరల్ బైండింగ్‌కి పైన వేసే ట్రాన్స్‌పరెంట్ షీటు ఒకటి తెచ్చుకోండి. దాని మధ్యలో అరచేయంత త్రిభుజాన్ని ఊహించుకుని, ఆ మేరలో మార్కర్‌తో ఓ ఇరవై చుక్కలు పెట్టండి. అంచు గీత గీయకూడదు. షీటుని తెల్లకాగితం మీద పెట్టి, ఏ చోట చుక్కలు పడాలో పై నుంచి చూసుకుంటూ, అప్పుడప్పుడు షీటు ఎత్తి, త్రిభుజం చుట్టూ వచ్చేలా కాగితం మీద చుక్కలు పెడుతూ పోండి. త్రిభుజం ఎక్కడుందో మీకే తెలియనంతగా కలిసిపోవాలి. ఇక్కడ తొందరపడితే ప్రయోగం పాడవుతుంది. చుక్కలు ఒకచోట ఒత్తుగా, ఒకచోట పలచగా ఉంటే కదలకుండానే ఆకారం బయటపడిపోతుంది. ఇప్పుడు షీటుని మెల్లగా జరపండి. త్రిభుజం లేచి వస్తుంది.

ఇంతకన్నా వింతైనది ఇంకోటి ఉంది. అక్కడ చుక్కలు కూడా కదలవు.

రొట్టెల పండగ రాత్రి, నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర సీరియల్ లైట్ల వరసలు వేలాడుతుంటాయి. వాటి ముందు చీకట్లో ఎవరైనా నడిచి వెళ్తే బల్బులు ఒక్కొక్కటే మరుగై, మళ్ళీ వెలుగుతాయి. ఏ బల్బూ చోటు మారలేదు. రెండు బల్బుల మధ్య ఉన్నది చీకటే. అయినా మనకి తల గుండ్రం, భుజం వాలు తెలుస్తాయి. ఆ మనిషి ఆగితే కొన్ని బల్బులు లేనట్టు ఉంటుందంతే.

మెదడుకి అందేది రెండే: ఏ బల్బు, ఎప్పుడు. పై బల్బు ముందు మరుగై, దాని కిందిది కాస్త ఆగి మరుగైతే, అంచు పైభాగం ముందుకు వాలి ఉందన్నమాట. పక్క వరసలోది ఎంతసేపటికి మరుగైందో తెలిస్తే వేగం కూడా తేలుతుంది. తిన్నటి అంచు ఒకే వేగంతో సాగుతుంటే, ఒకే గీత మీద లేని మూడు బల్బులు చాలు, దాని వాలూ వేగమూ లెక్క కట్టడానికి. మనస్తత్వవేత్తలు థామస్ షిప్లీ, ఫిలిప్ కెల్మన్ 1994లో ఇలాంటి అంచుల మీద ప్రయోగాలు అచ్చువేశారు. చుక్కలు ఒత్తుగా ఉన్నకొద్దీ అంచు స్పష్టంగా కనబడుతుందని వాళ్ళు చూపించారు.

నాకు ఈ సంగతి ఎన్నిసార్లు తలుచుకున్నా ఒళ్ళు పులకరిస్తుంది. ఏ క్షణాన ఫోటో తీసినా అందులో లేని గీత, క్షణానికీ క్షణానికీ మధ్య ఉంది.

ఇంటిపని: షీటు మీది చుక్కల్ని ఇరవై నుంచి పదిహేనుకి, పదికి, ఐదుకి తగ్గిస్తూ కొత్త షీట్లు, వాటికి తగ్గట్టు పలచటి చుక్కల కాగితాలు చేయండి. ప్రతిసారీ ఇంట్లో ఒకరికి చూపించి, ఆకారం ఏమిటో చెప్పకుండా అడగండి. త్రిభుజం ఎన్ని చుక్కల దగ్గర చెదిరిపోయిందో నోటుబుక్కులో రాసుకోండి. వచ్చే పాఠంలో స్వీడన్ మనస్తత్వవేత్త గున్నార్ యోహాన్సన్ 1973లో చూపించిన మనిషిని చూద్దాం: ఒళ్ళంతా చీకటి, కీళ్ళ దగ్గర మాత్రం వెలుగు చుక్కలు.