పాత క్యాసెట్లలోని మన పాట: లోపం ఎక్కడుందో తేల్చుకుని సరిచేసుకోవడం

ఇరవై, ముప్పై ఏళ్ల కిందట సొంతంగా పాడి రికార్డు చేసుకున్న కచేరీలనూ సాధన క్యాసెట్లనూ బయటికి తీసి, మళ్లీ వినదగినట్టు చేసుకోవాలనుకునే గాయకుల కోసం ఇది రాస్తున్నాను. చెవికి వినిపించే లోపం ఒకటే అయినా దాని మూలం ఆనాటి రికార్డింగులో ఉండవచ్చు, టేపులో ఉండవచ్చు, ఇప్పుడు దాన్ని వినిపిస్తున్న యంత్రంలో ఉండవచ్చు, కంప్యూటర్‌లోకి ఎక్కించిన తీరులోనూ ఉండవచ్చు. ఆ మూలాన్ని తేల్చుకోకుండా నేరుగా సాఫ్ట్‌వేర్ తెరిస్తే, టేపును చదివే భాగమైన హెడ్‌ను తుడిస్తే ఐదు నిమిషాల్లో పోయే మొద్దుదనాన్ని ట్రెబుల్ పెంచి పోగొట్టబోయి, టేపు బుసను రెట్టింపు చేసుకుంటాము. అందువల్ల ప్రతి సమస్యలోనూ పరీక్ష ముందు, మరమ్మతు తరువాత.

టేపు తిరగడం లేదు, లేదా ధ్వని వచ్చిపోతూ ఉంది

యంత్రంలో పెట్టే ముందు క్యాసెట్ వెనుక అంచున ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ రేకులను విరిచేయండి. అప్పుడు పొరపాటున రికార్డు మీట నొక్కినా పాట చెరగదు. టేపును హెడ్‌కు ఆనించి ఉంచే చిన్న ఫెల్టు ముక్క ఊడిపోతే ధ్వని మసకబారి వచ్చిపోతూ ఉంటుంది. స్క్రూలతో బిగించిన మరొక మంచి క్యాసెట్ డొల్లను తీసుకుని, రెండు చుట్టలనూ జాగ్రత్తగా అందులోకి మార్చడమే దానికి సరైన మార్గం. కోస్తా ఊళ్లలో బీరువా అడుగున పడి ఉన్న క్యాసెట్లకు తెల్లని బూజు పడుతుంది. అటువంటిదాన్ని అలాగే తిప్పితే బూజు హెడ్‌కు, అక్కడి నుంచి తరువాతి క్యాసెట్‌కూ అంటుకుంటుంది కనుక దాన్ని విడిగా ఉంచి, పొడిగా ఆరిన తరువాత శుభ్రం చేసి, అన్నిటికన్నా చివర వినాలి. నూట ఇరవై నిమిషాల క్యాసెట్లలో టేపు మిగతా వాటికంటే బాగా పలుచగా ఉంటుంది. వాటిని ముందుకూ వెనక్కూ వేగంగా తిప్పకుండా, ఒక్కసారి మామూలు వేగంతో నడిపించి ఆ ఒక్కసారిలోనే కంప్యూటర్‌లోకి ఎక్కించుకోవడం క్షేమం.

ఎక్కించేటప్పుడు 24 బిట్, 48 లేదా 96 కిలోహెర్ట్‌జ్ వేవ్ ఫైలుగా తీసుకోండి. పాటలో అత్యంత బిగ్గరగా ఉన్న చోట కూడా ధ్వని స్థాయిని చూపే మీటరు సున్నాకు ఆరు డెసిబెల్స్ కిందనే ఆగాలి.

శ్రుతి ఉండవలసిన చోట లేదు

నా అనుభవంలో అన్నిటికంటే ఎక్కువగా ఎదురయ్యేదీ, అన్నిటికంటే ఎక్కువమంది వదిలేసేదీ ఇదే. ఒకటిన్నర శ్రుతిలో పాడినట్టు మీకు స్పష్టంగా గుర్తుంటుంది, కాని ఇప్పుడు వింటే పాట రెండు శ్రుతిలో పలుకుతుంది. గొంతు లేతగా వినిపిస్తుంది, మృదంగం నాదం బిగుసుకుపోయినట్టుగా ఉంటుంది. ఆనాడు మన గొంతు అంత పలుచగా ఉండేదా అని బాధపడేవారిని చూశాను. అది గొంతు లోపం కాదు, వేగం లోపం.

క్యాసెట్ టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్ల చొప్పున నడవాలి. రికార్డు చేసిన యంత్రం కొంచెం నెమ్మదిగా నడిచినా, ఇప్పుడు వినిపించే యంత్రం కొంచెం తొందరగా నడిచినా శ్రుతి పైకి పోతుంది, సుమారు ఆరు శాతం తేడాకు ఒక పూర్తి అరస్వరం జరుగుతుంది. రెండు యంత్రాల్లో తప్పు ఏదో తేలాలంటే దుకాణంలో కొన్న సినిమా పాటల క్యాసెట్ ఒకటి అదే డెక్కులో (క్యాసెట్ వినిపించే యంత్రంలో) వేసి, అదే పాట సీడీతో పోల్చండి. అది కూడా పైకి పలికితే తప్పు డెక్కుది. బెల్టు మార్పించి, మోటారు వేగం సరిచేయించిన తరువాతే మిగతా పని మొదలుపెట్టాలి. అది సరిగ్గా పలికితే తప్పు ఆనాటి రికార్డరుది, దాన్ని కంప్యూటర్‌లో దిద్దాలి.

దిద్దడానికి కొలత కావాలి. తంబూర లేదా శ్రుతిపెట్టె ఒక్కటే వినిపించే చోటును పట్టుకుని, ఫోన్‌లోని ట్యూనర్‌తో ఆధార షడ్జమాన్ని కొలవండి. పురుష గాత్రానికి ఒకటిన్నర అంటే 138.6 హెర్ట్‌జ్, రెండు అంటే 146.8. ఫైలు 146.8 చూపుతుంటే వేగాన్ని 5.6 శాతం తగ్గించాలి. ఆడాసిటీ వంటి సాఫ్ట్‌వేర్‌లో ఈ పనికి వేగమూ శ్రుతీ కలిసి మారే ఎంపికనే వాడాలి. శ్రుతిని మాత్రమే దించే ఎంపిక వాడితే పాట నడక తొందరగానే ఉండిపోతుంది, గొంతుకు యంత్రపు జీర వస్తుంది. టేపు మీద రెండూ కలిసే చెడ్డాయి కనుక రెండూ కలిసే బాగుపడాలి.

శ్రుతి గుర్తులేని రికార్డింగులకు మరొక ఆధారం ఉంది. ఆనాడు మైకు తీగలో కరెంటు గుయ్‌మనే శబ్దం చేరి ఉంటే అది 50 హెర్ట్‌జ్ దగ్గర ఉండాలి. ఇప్పుడు 52 దగ్గర కనిపిస్తే టేపు దాదాపు నాలుగు శాతం వేగంగా నడుస్తోందని అర్థం. అయితే 1990లలో మన గ్రిడ్ ఫ్రీక్వెన్సీ 49 కిందికి దిగడం మామూలుగా జరిగేది కనుక ఈ ఆధారాన్ని చెవితో సరిచూసుకోకుండా నమ్మకూడదు. ఒక్క హెర్ట్‌జ్ పొరపాటు కూడా అరస్వరంలో మూడోవంతు అవుతుంది.

పాట మొదట్లో సరిగ్గా ఉండి, సాగేకొద్దీ శ్రుతి మెల్లగా పైకి పాకుతుంటే అది బ్యాటరీల పని. రికార్డు చేస్తుండగా బ్యాటరీలు నీరసించి మోటారు నెమ్మదించింది, అందుకే ఇప్పుడు సరైన వేగంతో వింటే చివరి భాగం పరుగెత్తుతోంది. ఐదేసి నిమిషాలకు ఒకసారి షడ్జమాన్ని కొలిచి కాగితం మీద రాసుకుని, వేగాన్ని క్రమంగా మార్చే సాధనంతో ఆ వాలును సరిచేయాలి. ఒక గంట కచేరీకి ఒక పూట పడుతుంది, కాని ఆ పూట దండగ కాదు.

దుప్పటి కప్పినట్టు మొద్దుగా వినిపిస్తోంది

ముందు హెడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన దూదిపుల్లతో తుడవండి. దూదికి గోధుమరంగు అంటుకోవడం మానే వరకూ తుడవాలి. అప్పటికీ మారకపోతే కారణం చాలావరకు హెడ్ కోణం. రికార్డు చేసిన యంత్రపు హెడ్డూ వినిపించే యంత్రపు హెడ్డూ టేపుకు ఒకే కోణంలో నిలబడకపోతే పై స్థాయి ధ్వనులు, అంటే సకారాలు, తాళపు చిటికెలు, వీణ మీటు, ముందుగా మాయమవుతాయి. హెడ్ పక్కన ఉండే చిన్న స్క్రూను పాట నడుస్తుండగా వెంట్రుకవాసి చొప్పున అటూ ఇటూ తిప్పుతూ, రెండు ఛానళ్లనూ మోనోగా కలిపి వినండి. సకారం అత్యంత స్పష్టంగా పలికిన చోట ఆపండి. క్యాసెట్ రెండో వైపుకు ఈ కోణం మళ్లీ చూసుకోవలసి రావచ్చు. ఇలా టేపు దగ్గర రాబట్టిన స్పష్టతకు ఏ ఈక్వలైజరూ సాటి రాదు, ఎందుకంటే ఈక్వలైజరు పెంచేది టేపు మీద నుంచి వచ్చినదాన్నే, రానిదాన్ని కాదు.

టేపు బుసను తగ్గించే డాల్బీ మీట కూడా చూడండి. డాల్బీ లేకుండా రికార్డయిన క్యాసెట్‌ను డాల్బీ పెట్టి వింటే మొద్దుగానూ, డాల్బీతో రికార్డయినదాన్ని అది లేకుండా వింటే బుసతో కూడి పదునుగానూ ఉంటుంది.

బుస తీసేస్తే తంబూర కూడా పోయింది

శాస్త్రీయ సంగీతం పాడేవారికి ఎదురయ్యే సమస్య ఇది. శబ్దాన్ని తగ్గించే సాఫ్ట్‌వేర్‌కు మనం ఒక మచ్చు చూపిస్తాము. అది ఆ మచ్చులో నిలకడగా ఉన్నదాన్నంతా అనవసరమని భావించి పాట మొత్తంలో నుంచి తీసేస్తుంది. మన రికార్డింగుల్లో గాయకుడు ఆగిన ప్రతిచోటా తంబూర మోగుతూనే ఉంటుంది కనుక, పాట మధ్యలోని ఖాళీని మచ్చుగా ఇస్తే అది తంబూరను కూడా బుస కింద జమ కట్టేస్తుంది. మిగిలిన గొంతు నీళ్లలో నుంచి వినిపిస్తున్నట్టు తయారవుతుంది.

మచ్చు కోసం శ్రుతి మొదలయ్యే ముందు క్షణానికి వెళ్లాలి. 1993లో కాకినాడలో మా ఇంటి వెనక గదిలో చేసిన నా క్యాసెట్‌లో అది ఇలా ఉంది: రికార్డు మీట టక్కున పడుతుంది, ఫ్యాను తిరుగుతూ ఉంటుంది, నేను కుర్చీ జరుపుకుంటాను, ఆ తరువాత శ్రుతిపెట్టె అందుకుంటుంది. కుర్చీ చప్పుడుకూ శ్రుతికీ నడుమ సెకను కంటే కొంచెం తక్కువ విరామం ఉంది. ఆ విరామంలో ఉన్నది టేపు బుస, ఫ్యాను, అంతే. ఆ ముక్కనే మచ్చుగా ఇచ్చి, తగ్గింపును ఆరు డెసిబెల్స్‌కు పరిమితం చేశాను. తీసేసిన శబ్దాన్ని మాత్రమే వినిపించే రెసిడ్యూ ఎంపిక పెట్టి విన్నప్పుడు అందులో బుస తప్ప స్వరం ఏదీ లేకపోవడంతో ఆ కొలత సరైనదని తేలింది. ఆ రెసిడ్యూలో మీ గొంతు గాని, తంబూర జీవా గాని వినిపిస్తే తగ్గింపు ఎక్కువైందని అర్థం, వెనక్కి రండి. పాట అయిపోయాక మా అమ్మ తలుపు దగ్గర నుంచి "అయిందా?" అని అడగడం కూడా ఆ టేపులో ఉంది. దాన్ని కత్తిరించలేదు.

పాట ఆగినప్పుడల్లా గది శబ్దం పైకి లేస్తోంది

లోపలే మైకు ఉండే చిన్న టేప్ రికార్డర్లు ధ్వని స్థాయిని తమంతట తామే సవరించుకునేవి. గాయకుడు ఆగగానే అవి ఫ్యానును పెంచేవి, మృదంగం గట్టిగా పలకగానే గొంతును అణిచేవి. ఇది టేపులోనే ముద్రపడిన లోపం కనుక పూర్తిగా పోదు. ఆ ఖాళీలను చేత్తో రెండు మూడు డెసిబెల్స్ తగ్గించి, అణిగిన పల్లవి ఎత్తుగడలను అంతే పెంచితే సరిపోతుంది. ఈ పనిని ధ్వని ఒక స్థాయి కిందికి దిగగానే దాన్ని మూసేసే యాంత్రికమైన గేటుకు అప్పగిస్తే అది రాగాలాపన చివర సన్నగా వదిలే స్వరాలను తెంచేస్తుంది.

గుయ్‌మనే కరెంటు శబ్దం

డెక్కును ఆపి, తీగలను కదపకుండా వినండి. శబ్దం అలాగే ఉంటే అది టేపులోది కాదు, ఎక్కించే ఏర్పాటులోది. ల్యాప్‌టాప్ చార్జరును ఊడదీసి బ్యాటరీ మీద నడిపితే చాలాసార్లు అక్కడితో పోతుంది. పాట నడిచేటప్పుడు మాత్రమే వినిపిస్తే అది టేపులోదే. ముందు వేగం సరిచేసి, ఆ తరువాత 50, 100, 150 హెర్ట్‌జ్ దగ్గర సన్నని నాచ్ ఫిల్టర్లు, అంటే ఆ ఒక్క ఫ్రీక్వెన్సీని మాత్రమే కోసేవి, పెట్టాలి. రెండు శ్రుతిలో పాడే పురుషుల షడ్జమం 146.8 దగ్గర ఉంటుంది కనుక 150 దగ్గరి ఫిల్టరు వెడల్పయితే మొదట కోసేది వారి షడ్జమాన్నే.

కంప్యూటర్‌లో చేసిన పాత రికార్డింగు మారిపోయింది

పాట శ్రుతి దాదాపు ఒకటిన్నర అరస్వరాలు దిగి, నాలుగు నిమిషాలది నాలుగు నిమిషాల ఇరవై సెకన్లు నడుస్తుంటే, 48 కిలోహెర్ట్‌జ్ ఫైలు 44.1గా తెరుచుకుందన్నమాట. ఆ అంకెను మారిస్తే చాలు, మరే సవరణా అక్కరలేదు. ప్రాజెక్టు ఫైలు తెరుచుకున్నా ప్లగిన్లు (ఆనాడు వాడిన అదనపు సాధనాలు) కనబడకపోతే వాటి కోసం వెతుకుతూ రోజులు గడపకండి. ఫోల్డరులోని అసలు వేవ్ ఫైళ్లను కొత్త ప్రాజెక్టులోకి తెచ్చుకుని మిక్సింగు కొత్తగా చేయడం తొందరగా తెమిలే పని. మిగిలింది 128 కేబీపీఎస్ ఎంపీత్రీ ఒక్కటే అయితే 16 కిలోహెర్ట్‌జ్ పైన సాధారణంగా ఏమీ మిగలదు. దాన్ని పెంచబోకుండా, వేవ్‌గా మార్చి ధ్వని స్థాయి మాత్రం సరిచేసుకోండి.

ఇప్పటి గొంతు పాత గొంతు మీద అతకడం లేదు

చరణంలో ఒక పంక్తి చెడిపోయిందని ఇప్పుడు పాడి అతికిస్తే, శ్రుతి కలిసినా అతుకు తెలిసిపోతుంది. వయసు ఒక కారణమే గాని, ఎక్కువగా పట్టిచ్చేది గది. పాత టేపులో సున్నపు గోడల ప్రతిధ్వని, ఫ్యాను, బుస ఉంటాయి, కొత్త ముక్కలో ఉండవు. అదే పంక్తిని రెండోసారి పాడిన చోటు ఆ క్యాసెట్‌లోనే ఉందేమో ముందు చూడండి. మన పద్ధతిలో పల్లవీ చరణమూ తిరిగి తిరిగి వస్తాయి కనుక చాలాసార్లు అక్కడే దొరుకుతుంది. ఆనాటి గొంతుతో, ఆ గదిలోనే పాడిన ముక్క కనుక అతుకు కనబడదు. దొరకకపోతే నా సలహా ఆ పంక్తిని అలాగే ఉంచమనే. పాట మొత్తం కొత్తగా పాడాలనుకుంటే అది వేరే రికార్డింగు; దాన్ని వేరే ఫైలుగా, పాడిన సంవత్సరం పేరులోనే రాసి దాచుకోండి. టేపు నుంచి మొదట తీసిన, ఏ సవరణా తగలని వేవ్ ఫైలును మాత్రం రెండు వేర్వేరు డిస్కుల్లో ఉంచి, ఏ డెక్కులో తీశారో, డాల్బీ ఉందో లేదో, షడ్జమం ఎంత కొలిచారో దాని పక్కనే ఒక చిన్న టెక్స్ట్ ఫైలులో రాసి పెట్టండి.