అడ్డుతెరకు రెండు వైపులు: మన పెళ్లికి మనం చేసుకునే చేతిపని

మా పెళ్లి వైశాఖంలో జరిగింది. నల్లగొండలో వైశాఖమంటే తెలుసు కదా, మధ్యాహ్నం పన్నెండు దాటితే కాకి కూడా చెట్టు దిగదు. ఆ ఎండల్లో ముహూర్తం పెట్టుకుని, పైగా కొన్ని వస్తువులు నా చేత్తోనే చేసుకుంటానని పట్టుబట్టాను. మూడు నెలల ముందు రాసుకున్న జాబితాలో 14 పనులున్నాయి. చివరికి చేసినవి నాలుగు. మిగతా పది ఎందుకు వదిలేశానో ముందే చెబితే మీకు కొన్ని సాయంత్రాలు కలిసొస్తాయి.

మొదట ఐరేని కుండలకు, అంటే కుమ్మరి ఇంటి నుంచి మేళతాళాలతో తెచ్చుకునే పెళ్లి కుండలకు, రంగులు వేస్తానని డబ్బాలు, కుంచెలు పట్టుకుని కుమ్మరివారి ఇంటికి వెళ్లాను. ఆ ఇంటి పెద్దమ్మ అరుగు మీద కూర్చుని వేరే పెళ్లివాళ్ల కుండలకు సున్నం, జాజు పూస్తోంది. నేను చెప్పిందంతా విని, "అన్నీ నువ్వే చేసుకుంటే ఇక మా గడపకు మేళతాళాలతో ఎందుకొస్తారు బిడ్డా?" అంది. కోపంగా అనలేదు, నిజంగానే అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఇంటికొచ్చి జాబితా మళ్లీ తిరగేశాను. ఒకరి వృత్తిగా, హక్కుగా మన ఇంటికి వచ్చే పనులన్నీ కొట్టేశాను. ముహూర్తం వేళ మా ఇద్దరి చేతికో కంటికో తగిలేవి మాత్రం ఉంచాను. అలా మిగిలినవే అడ్డుతెర, తలంబ్రాలు, కొబ్బరి బొండాం, పసుపు కుంకుమ సంచులు. బాసింగాలు బజారులో కొన్నాం, వాటి జోలికి పోకండి. తుమ్మితే విరిగే పని అది.

చేసే వరసకు ఒకటే సూత్రం: చెడిపోనివి ముందు, చెడిపోయేవి చివర. కాబట్టి అడ్డుతెర మూడు నెలల ముందు మొదలుపెట్టాలి, తలంబ్రాలు పెళ్లికి రెండు రోజుల ముందు కలపాలి.

అడ్డుతెర గురించి చాలామందికి తట్టని సంగతి ఒకటుంది. దానికి రెండు వైపులుంటాయి. ఒక వైపు నుంచి పిల్ల చూస్తుంది, ఇంకో వైపు నుంచి పిల్లవాడు చూస్తాడు. ఒకే గుడ్డ మీద పేర్లు కుడితే ఒకరికి సరిగ్గా, ఇంకొకరికి అద్దంలో చూసినట్టు తిరగబడి కనిపిస్తాయి. కుట్టు వెనక ముడులు, దారపు తోకలు ఎవరి వైపు ఉండాలన్నది మరో తగువు. అందుకే రెండు గుడ్డలు తీసుకోండి. వేటికవి కుట్టి, వీపులు కలిపి జోడించండి. ముడులన్నీ మధ్యలో దాగిపోతాయి.

నేను 44 అంగుళాల పన్నా ఉన్న తెల్ల పాప్లిన్ నాలుగు మీటర్లు కొన్నాను, వైపుకు రెండు మీటర్లు. కొన్న రోజే రాత్రంతా నీళ్లలో నానబెట్టి, గంజి వదిలేదాకా పిండి ఆరేయాలి. నూలు గుడ్డ మొదటి తడికి కుంచించుకుపోతుంది. కుట్టిన తర్వాత అది జరిగితే అక్షరాల చుట్టూ ముడతలు వస్తాయి, ఏ ఇస్త్రీకీ పోవు. రంగు దారాలను కూడా పరీక్షించాలి. జానెడు దారం తడిపి, తెల్ల గుడ్డలో చుట్టి, పైన బరువు పెట్టి రాత్రంతా ఉంచండి. నా ఎర్ర దారం ఒకటి అలా దొరికిపోయింది, పక్కన పడేశాను. ఈ పరీక్ష చేశానన్న ధీమా పెళ్లయ్యాక నన్ను కాస్త తికమక పెట్టింది, అది చివర్లో చెబుతాను.

ఏ వైపు ఏం కుట్టాలి? మా ఆయన వాళ్లది గద్వాల. నాకు ఎదురుగా వాళ్ల ఊరు, ఆయనకు ఎదురుగా మా ఊరు ఉండాలనుకున్నాను. గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. ఆ అంచులో గుడి శిఖరాల్లా వరసగా నిలబడే కోటకొమ్మ ఉంటుంది. మా అత్తగారి పాత చీర ఒకటి అడిగి తెచ్చుకుని, అంచు మీద బటర్ పేపర్ పరిచి పెన్సిల్‌తో ఆ కొమ్మలు దించుకున్నాను. చీర ఎందుకని ఆమె అడిగితే ఊరికే అన్నాను, నమ్మినట్టు లేదు. ఆయన వైపు గుడ్డ మీద నల్లగొండ రెండు గుట్టలు, కాపురాల గుట్ట, లతీఫ్ సాహెబ్ గుట్ట, వాటి కింద వరి కంకులు. మాది సాగర్ ఎడమ కాలువ కింద పొలం, కంకి లేకుండా మా ఊరు ఎలా అవుతుంది?

పేర్లు కుట్టడం దగ్గరే ఎక్కువమంది విసిగిపోతారు. మన అక్షరాలు గుండ్రంగా తిరుగుతాయి కాబట్టి గొలుసు కుట్టు వాటికి చక్కగా ఒదుగుతుంది. మొదట కాడ కుట్టు ప్రయత్నించాను, మలుపుల దగ్గర పళ్లు పళ్లుగా వచ్చింది. అక్షరం కనీసం రెండు అంగుళాల ఎత్తుండాలి. అంతకంటే చిన్నదైతే ఒత్తులు పూడుకుపోతాయి. ఆయన పేరులో "శ్రీ" ఉంది. ఆ క్రారవడి, గుడి సుడి మూడుసార్లు విప్పి కుట్టాను. వంపుల్లో కుట్టు చిన్నదిగా, బియ్యపు గింజలో సగం ఉండేలా వేయండి. నిలువు గీతల్లో గింజంత పొడవు వేసినా ఫరవాలేదు. కంప్యూటర్‌లో పెద్ద అక్షరాలు ముద్రించి కింద కార్బన్ పెట్టి దించుకోవచ్చు. అయితే టైలర్లు వాడే పసుపు కార్బనే వాడండి. ఆఫీసు నల్ల కార్బన్ మరక జన్మలో పోదు.

పేర్లు, బొమ్మలు పై మూడో వంతులోనే ఉండాలి. జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు తెర కింది భాగం నలుగుతుంది, చేతులు తగులుతాయి, అక్కడ ఎంత కుట్టినా ఎవరికీ కనిపించదు. ఇంకో సంగతి కిటికీకి వేలాడదీసి చూస్తే తెలిసింది. వెనక వెలుతురు పడగానే అవతలి వైపు అక్షరాలు నీడలా ఇటు తేలాయి. పెళ్లిలో వీడియో దీపాలు దీనికి పది రెట్లు ఉంటాయి. మా తాతయ్య ముతక పంచె ఒకటి రెండు గుడ్డల మధ్య వేసి కుట్టాను, నీడ ఆగిపోయింది. బరువు మాత్రం పెరిగింది. తెర పట్టుకునేవాళ్ల చేతులు పావుగంటలో లాగుతాయి. నాలుగు మూలలా బెత్తెడు నాడా ఉచ్చులు కుట్టండి, వేలు దూర్చి పట్టుకుంటే తెర జారదు. రోజుకో గంట చొప్పున ఇదంతా నాకు దాదాపు 40 సాయంత్రాలు తీసుకుంది.

తలంబ్రాల ఆలోచన నానమ్మది. భద్రాచలం రాములవారి కల్యాణానికి కొందరు భక్తులు వడ్లను గోటితో ఒలిచి తలంబ్రాలు పంపుతారు. "మన వడ్లు మనం ఒలవలేమా?" అంది. అక్షతలు అంటేనే క్షతం కానివి, విరగనివి. మిల్లులో ఆడించిన బియ్యంలో నూకలు ఏరుకుంటూ కూర్చోవడం కంటే ఇదే నయమనిపించింది, మొదలుపెట్టేదాకా.

యాసంగి వడ్లు కొత్తవి తెచ్చుకున్నాం. కొత్త వడ్లలో తేమ ఉంటుంది, పొట్టు గింజను వదలదు. రెండు రోజులు నీడపట్టున, ఒక పూట ఎండలో ఆరబెట్టాం. ఎండ మరీ ఎక్కువైతే గింజ పెళుసెక్కి గోటికి విరుగుతుంది. గింజను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య అడ్డంగా పట్టుకోవాలి. పొట్టు రెండు రెక్కలుగా ఉంటుంది, ఆ రెక్కలు కలిసే గీత మీద గోరు ఆనించి, కాడ ఉండే కొస నుంచి మెల్లగా తిప్పాలి. టిక్కుమని చిన్న చప్పుడు వస్తుంది. ఆ తర్వాత గింజను నొక్కకూడదు, దొర్లిస్తే అదే బయటికి జారుతుంది. నాకు వంద గింజలకు అరగంట పట్టింది, నానమ్మకు పావుగంట. యాభై దాటేసరికి గోటి కింద చర్మం మండుతుంది. చూపుడువేలి కొసకు ప్లాస్టర్ చుట్టుకోండి.

కిలో ఒలుద్దామని మాత్రం అనుకోవద్దు. సన్నవడ్లు 1000 గింజలు తూస్తే 15 గ్రాములు ఉంటే గొప్ప. కిలో బియ్యమంటే డెబ్బై వేల గింజల పైమాటే. మేము 1116 గింజలు లెక్కపెట్టి ఒలిచాం. అమ్మ, చిన్నమ్మ, పక్కింటి పిల్లలు అందరూ చెయ్యి వేశారు. విరిగినవి పిచ్చుకలకు వేశాం. ఒలిచినవి ముడి బియ్యం కాబట్టి కాస్త గోధుమ రంగులో ఉంటాయి, పసుపు వాటి మీద అంత మెరవదు. అందుకని నూకలు ఏరిన తెల్ల బియ్యం కిలో తీసుకుని దాంట్లో కలిపేశాం.

కలిపే తీరు: పళ్లెంలో బియ్యం పోసి, కిలోకు రెండు చెంచాల పసుపు, ఒక చెంచా కరిగించిన నెయ్యి వేసి అరచేతులతో రుద్దాలి. నీళ్లు చిలకరించకూడదు, తడి తగిలితే ఆ ఉక్కలో మూడో రోజుకు బూజు వాసన వేస్తుంది. నెయ్యి ఎక్కువైతే పట్టు బట్టల మీద జిడ్డు మచ్చలు పడతాయి. బజారు పసుపు కంటే పసుపు దంచిన రోజు మిగిలిన కొమ్ముల పొడి బాగుంటుంది, ముతకగా ఉంటే ఒకసారి వస్త్రకాయం పట్టండి.

కొబ్బరి బొండాం విషయంలో నేను తప్పు చేశాను. చిన్న బొండాం ఏరుకోవడం వరకు బాగానే ఉంది. పెద్దది రెండు చేతులతో పట్టుకుని మంటపం దాకా నడవడం మోత పని. దాని మీద రంగు వేసి, పూసలు, ముత్యాలు గ్లూ గన్‌తో అతికించాను. బొండాం తోలు నున్నగా, మైనం రాసినట్టు ఉంటుంది, జిగురు పైపైనే పట్టుకుంటుంది. పెళ్లికి ముందు రోజు దాన్ని కారు డిక్కీలో పెట్టి ఫంక్షన్ హాలుకు పంపారు. ఆ వేడికి జిగురు మెత్తబడి ముత్యాలన్నీ డిక్కీ అడుగున దొర్లుతున్నాయి. రాత్రి పది గంటలకు అమ్మ తన పాత జాకెట్టు ముక్క తీసుకుని బొండానికి సరిపడా సంచిలా కుట్టింది, దాని మీద మేమిద్దరం పూసలు సూదితో కుట్టాం. మీరు మొదటే అలా చేయండి. గుడ్డ తొడుగు నెల ముందే తయారు చేసుకోవచ్చు, పెళ్లి రోజు తాజా బొండానికి తొడిగితే చాలు. కొలత కోసం ఒక బొండాం కొనుక్కుని, చుట్టుకొలత తీసుకుని, నీళ్లు తాగేయండి.

సంచుల సంగతి త్వరగా ముగిస్తాను. మా మేనత్త వాళ్లది పుట్టపాక. మగ్గాల ఇల్లు కాబట్టి ఇక్కత్ ముక్కలు మూటగా ఇచ్చింది. జానెడు పొడవు, దానికంటే కాస్త తక్కువ వెడల్పు, నోటికి నాడా, అంతే. మూడు ఆదివారాల్లో అమ్మ మిషన్ మీద 150 కుట్టాం. లోపల పసుపు, కుంకుమ పొట్లాలు, రెండు వక్కలు, ఒక ఖర్జూరం. కుడుక పెడితే వేసవిలో నూనె దిగి గుడ్డకు మరక పడుతుంది, కాబట్టి దాన్ని విడిగా చేతికి ఇచ్చాం. మీరు ముక్కలు బయట కొనేట్టయితే తిరగేసి చూడండి. నూలుకు ముందే రంగు అద్ది నేసేది కనుక అసలు ఇక్కత్‌కు రెండు వైపులా రంగు ఒకేలా ఉంటుంది, బొమ్మ అంచులు కొద్దిగా చెదిరినట్టుంటాయి. అచ్చు వేసిన దానికి వెనక వైపు వెలవెలబోతుంది.

అత్త ఆ మూటలో పాత తేలియా రుమాలు కూడా ఒకటి పెట్టింది. దాని నూలును ఆముదపు కాయల బూడిదలో, నూనెలో నానబెట్టి సిద్ధం చేస్తారు, ఆ నూనె వాసన ఏళ్లు గడిచినా పోదు. 2020లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. దాన్ని కత్తిరించడానికి మనసు రాలేదు, తలంబ్రాల పళ్లెం మీద కప్పాం.

ఇక పెళ్లయ్యాక. పురోహితుడు అడ్డుతెర నాలుగు మూలలా పసుపు రాశారు, జీలకర్ర బెల్లం చేతులు కింద తగిలాయి. పదహారు రోజుల పండుగ అయ్యాక గద్వాలలో మా అత్తగారు దాన్ని బట్టల సబ్బుతో ఉతికి దండెం మీద వేశారు. సాయంత్రం చూస్తే మూలలన్నీ ఎర్రగా ఉన్నాయి. దారం రంగు దిగిందనుకుని నా ప్రాణం ఉసూరుమంది. పరీక్ష చేసిన దారాలు ఎలా దిగాయో అర్థం కాలేదు. ఆమె మచ్చను వేలితో రుద్ది చూసి నవ్వింది. "పారాణి కలపలేదా నువ్వెప్పుడూ? పసుపుకు సున్నం తగిలితే ఎరుపే కదా. సబ్బులో కూడా ఆ క్షారమే ఉంటుందమ్మా," అంది. నిమ్మచెక్క రుద్దగానే ఎరుపు మళ్లీ పసుపుగా మారింది. మంచినీళ్లలో జాడించి, కుట్టు మీద వేరే గుడ్డ కప్పి, మూలలు మాత్రం ఎండకు పెట్టాం. పసుపు రంగు ఎండకు నిలవదు, మూడు రోజుల్లో వెలిసిపోయింది.

మీ తెరను మొదటిసారి ఉత్త నీళ్లతోనే ఉతకండి. బాగా ఆరాక నూలు గుడ్డలో చుట్టి, ఎండు వేపాకు వేసి పెట్టెలో పెట్టండి. ప్లాస్టిక్ కవరులో ఉంచితే వానాకాలం తేమకు నల్ల చుక్కలు పడతాయి. మాది గద్వాల ఇంట్లో, అంచు దించుకున్న ఆ పాత చీర మడతల మధ్యే ఉంది. చీర ఎందుకు అడిగానో అత్తగారికి ఇప్పటికీ నేను చెప్పలేదు, ఆమె అడగనూ లేదు.