పికప్ ముందు నుంచి టక్ టక్: షాకులు మార్చే ముందు చూడాల్సినవి

ముందు చక్రాల దగ్గర శబ్దం వస్తోందని ఎవరైనా పికప్ తీసుకొస్తే నేను మొదట అడిగేది ఇప్పటివరకు ఏం మార్చారు అని. ఎక్కువ మంది చెప్పే జవాబు షాక్ అబ్జార్బర్లు. శబ్దం పోయిందా అంటే పోలేదంటారు. అరిగిన షాక్ బండిని ఊపుతుంది, గుంత దాటాక రెండు మూడు సార్లు తేలిస్తుంది, టైరును ఎగుడుదిగుడుగా తినేస్తుంది, కానీ టక్ టక్‌మని కొట్టడం అరుదు. షాక్ దగ్గర నుంచే కొడుతోందంటే చాలాసార్లు పైన నట్టు వదులై ఉంటుంది, లేదా కింద కన్నులో రబ్బరు బుష్ పోయి ఉంటుంది. ఆ నట్టు మీద స్పానర్ పెట్టి చూడడానికి రెండు నిమిషాలు చాలు, అయినా కొత్త షాకుల జత కొన్నాక కూడా దాన్ని ఎవరూ చూడరు.

కాబట్టి ఏదీ విప్పకముందు ఇవి చూడండి. సీటు వెనక జాకీ, టూల్ కిట్ కదులుతున్నాయా, బ్యాటరీ క్లాంప్ గట్టిగా ఉందా, ఇంజిన్ కింద రేకు బోల్టులు అన్నీ ఉన్నాయా, వీల్ నట్లు బిగుతుగా ఉన్నాయా. ఆ తర్వాత స్పానర్ తీసుకుని సస్పెన్షన్‌లో కంటికి కనిపించే ప్రతి బోల్టునూ ఒకసారి పట్టి చూడండి. ఈమధ్య ఎవరైనా ముందు భాగంలో పని చేసి ఉంటే ముందు వాళ్లు తాకిన బోల్టులే చూడండి, ఎందుకంటే రిపేరు తర్వాత మొదలైన శబ్దం ఆ రిపేరులోంచే వచ్చే అవకాశం ఎక్కువ.

చిన్న గతుకుల మీద గలగల, బ్రేకు తాకితే ఆగిపోతుంది

ఇది సస్పెన్షన్ కానే కాదు. అదే గతుకుల రోడ్డు మీద నెమ్మదిగా వెళ్తూ బ్రేకు పెడల్ మీద కాలు కొద్దిగా ఆనించండి, బండి ఆగేంత నొక్కొద్దు. శబ్దం మాయమైతే బ్రేకు ప్యాడ్లు క్యాలిపర్‌లో (ప్యాడ్లను డిస్క్ మీద నొక్కే భాగంలో) ఆడుతున్నాయి. ప్యాడ్లు మార్చినప్పుడు స్టీల్ క్లిప్పులు పాతవే వేసో, అసలు వేయకుండానో వదిలేసి ఉంటారు, లేదా క్యాలిపర్ స్లైడ్ పిన్నులు అరిగి ఉంటాయి. కొత్త క్లిప్పులు వేసి, పిన్నులకు బ్రేకులకు వాడే గ్రీజు రాస్తే సరిపోతుంది. ఈ ఒక్క పరీక్ష చేయకుండా లింకులు, బుష్‌లు, ఆర్మ్‌లు వరసగా మార్చుకున్న వాళ్లను చూసి నాకు నిజంగా బాధేస్తుంది.

ఒక చక్రం తర్వాత ఇంకొకటి గుంతలో పడ్డప్పుడు టకటక

స్టెబిలైజర్ బార్ (రెండు వైపులనూ కలిపి మలుపుల్లో బండి వాలకుండా ఆపే కడ్డీ) లింకులు, లేదా బార్‌ను చాసిస్‌కు పట్టి ఉంచే డి-బుష్‌లు. రెండు చక్రాలూ ఒకేసారి ఎక్కే స్పీడ్ బ్రేకర్ మీద బార్ మెలిపడదు కాబట్టి నిశ్శబ్దంగా ఉండి, ఎగుడుదిగుడు మట్టిరోడ్డు మీద మాత్రం కొడుతుంటే దాదాపు ఇదే. ఒక్క చక్రాన్ని జాకీ మీద లేపి లింకును ఊపి చూస్తే ఏమీ తెలియదు, ఎందుకంటే ఒకటి పైన ఒకటి కింద ఉన్నప్పుడు బార్ మెలిపడి లింకును బిగబట్టి ఉంచుతుంది. నాలుగు చక్రాలూ నేల మీద ఉండగా లింకును చేత్తో గట్టిగా ఊపండి. అప్పటికీ అనుమానం ఉంటే రెండు వైపులా లింకులు విప్పి, బార్‌ను పైకి కట్టేసి, ఖాళీ చోట చాలా నెమ్మదిగా నడపండి. బండి మలుపుల్లో ఎక్కువ వాలుతుంది, అందుకే వేగం వద్దు. శబ్దం పోతే దొంగ దొరికినట్టే. లింకులు జతగా మార్చండి, డి-బుష్ కొనేటప్పుడు బార్ మందం కొలుచుకుని కొనండి.

బ్రేకు వేసినప్పుడు, వెనక్కి తీసినప్పుడు ఒక్కసారి ధబ్

కింది ఆర్మ్ (చక్రాన్ని చాసిస్‌కు కలిపే ఇనుప చెయ్యి) బుష్. ఒకరు లోపల కూర్చుని ముందుకీ వెనక్కీ ఒక్కో అడుగు కదిపి బ్రేకు వేస్తుంటే, దూరంగా పక్కన నిలబడి చక్రం చూడండి. మడ్‌గార్డ్ కింది ఖాళీలో చక్రం వెనక్కి జరగడం కంటికే కనిపిస్తుంది. అలైన్‌మెంట్ కోసం ఆర్మ్ మూలలో ఉండే క్యామ్ బోల్టు వదులైనా ఇలాగే కొడుతుంది, కాబట్టి బుష్ కొనే ముందు అది బిగుతుగా ఉందో లేదో చూడండి.

బుష్ మార్చితే ఒక మాట గుర్తుంచుకోండి. చాలా ఆర్మ్ బుష్‌లలో రబ్బరు లోపలి గొట్టానికీ బయటి గొట్టానికీ అతుక్కుని ఉంటుంది, ఆర్మ్ కదిలితే రబ్బరు మెలితిరుగుతుందే తప్ప జారదు. చక్రం గాల్లో వేలాడుతుండగా బోల్టు పూర్తిగా బిగిస్తే, బండి కిందికి దించగానే రబ్బరు మెలిపడి ఎప్పటికీ అలాగే ఉండిపోతుంది, కొత్త బుష్ కూడా త్వరగా చిరిగిపోతుంది. బోల్టును వదులుగా పెట్టి, చక్రాల మీద బండి బరువు పడ్డాక, రెండు మూడు సార్లు బండిని ఊపి, అప్పుడు టార్క్ రెంచ్‌తో (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే స్పానర్‌తో) బిగించండి.

నెమ్మదిగా ఎక్కేటప్పుడు కిర్రుమని మూలుగు

ఎండిన బుష్ కావచ్చు, గ్రీజు అయిపోయిన బాల్ జాయింట్ (గిన్నెలో బంతి తిరిగే కీలు) కావచ్చు. ఏదో తెలుసుకోవడానికి మామూలు నీళ్లు స్ప్రే బాటిల్‌లో పోసి ఒక్కో బుష్ మీద కొట్టి, ప్రతిసారీ బండిని ఊపండి. ఏది తడిశాక శబ్దం మారిందో అదే. ఇంజిన్ ఆయిలు, డీజిలు మాత్రం పోయకండి, నాలుగు రోజులు మూలుగు ఆగుతుంది గానీ రబ్బరు ఉబ్బి మెత్తబడి పాడైపోతుంది.

పెద్ద పల్లంలో ఒక్కసారి టక్, పార్కింగ్‌లో స్టీరింగ్ తిప్పితే ఒక్కోసారి టక్, చక్రం ఊపి చూస్తే ఏమీ లేదు

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను, నన్ను బాగా ఇబ్బంది పెట్టింది ఇదే. ఒక బండికి నేను లింకులు మార్చాను, డి-బుష్‌లు మార్చాను, షాక్ పైన రబ్బర్లు మార్చాను, మూడుసార్లు తిరిగొచ్చింది. ప్రతిసారీ చాసిస్ కింద జాకీ పెట్టి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపి చూశాను, రాయిలా ఉంది. కింది బాల్ జాయింట్ డస్ట్ బూట్ (రబ్బరు తొడుగు) చిరగలేదు, గ్రీజు కారలేదు. నాలుగోసారి జాకీని కింది ఆర్మ్ చివర, బాల్ జాయింట్ పక్కనే పెట్టి లేపాను. టైరు కింద ఇనుప రాడ్డు దూర్చి పైకి ఎత్తగానే నకిల్ (చక్రాన్ని పట్టి ఉంచే ఇనుప భాగం) కనిపించేలా పైకి కదిలి టక్‌మంది. అన్ని వారాలు ఆ బండిని అదే జాయింట్‌తో రోడ్డు మీదికి పంపించానన్న విషయం తలచుకుంటే ఇప్పటికీ గుండె జల్లుమంటుంది, ఎందుకంటే ఆ బంతి గిన్నెలోంచి ఊడితే చక్రం బండి కిందికి మడుచుకుపోతుంది, ఇక స్టీరింగ్ తిప్పినా లాభం ఉండదు.

అది ఎలా దాక్కుందో చెప్తాను. చాలా పికప్‌లలో ముందు వైపు పై ఆర్మ్, కింది ఆర్మ్ ఉంటాయి, మధ్యలో నకిల్, రెండు చివర్లా బాల్ జాయింట్లు. స్ప్రింగు గానీ టార్షన్ బార్ (మెలిపడుతూ స్ప్రింగులా పనిచేసే కడ్డీ) గానీ కింది ఆర్మ్ మీద పనిచేస్తుంటే బండి బరువు మోసేది కింది జాయింట్. బండి నేల మీద ఉన్నంతసేపు ఆ బరువు బంతిని గిన్నెలో ఒక వైపుకే నొక్కి ఉంచుతుంది. ఎంత అరిగినా బంతి కదలదు, కాబట్టి ఊపితే ప్లే (వదులు కదలిక) కనబడదు.

సరే, చాసిస్ కింద జాకీ పెట్టి లేపితే బరువు పోతుంది కదా అనుకుంటాం, నేనూ అదే అనుకున్నాను. చక్రం వేలాడగానే స్ప్రింగు కింది ఆర్మ్‌ను కిందికి తోస్తుంది. ఆ తోపును ఆపే రబ్బరు స్టాప్ పై ఆర్మ్ దగ్గర ఉన్న బండ్లలో స్ప్రింగు బలమంతా కింది ఆర్మ్ నుంచి కింది జాయింట్ మీదుగా నకిల్‌కు, అక్కడి నుంచి పై జాయింట్ మీదుగా పై ఆర్మ్‌కు చేరుతుంది. అంటే చక్రం గాల్లో ఉన్నా రెండు జాయింట్లూ బిగబట్టే ఉంటాయి. చేతులతో ఎంత ఊపినా ఆ బలాన్ని మనం గెలవలేం. రోడ్డు మీద మాత్రం చక్రం వేగంగా పల్లంలోకి జారినప్పుడు ఒక్క క్షణం బరువు తేలిపోతుంది, బంతి గిన్నెలో ఎగిరి మళ్లీ పడుతుంది, మనకు వినిపించే టక్ అదే.

కాబట్టి స్ప్రింగు కింది ఆర్మ్ మీద ఉంటే జాకీ కింది ఆర్మ్ కిందే, బాల్ జాయింట్‌కు వీలైనంత దగ్గరగా పెట్టండి. జాకీ స్ప్రింగును అణిచి పట్టుకుంటుంది, జాయింట్ ఖాళీ అవుతుంది. టైరు నేల నుంచి రెండు మూడు వేళ్ల ఎత్తు లేస్తే చాలు. జాకీ ఒక్కదాన్నే నమ్మకుండా చాసిస్ కింద స్టాండు కూడా ఉంచండి. ఇప్పుడు టైరు కింద పొడవాటి రాడ్డు పెట్టి ఒకరు పైకి ఎత్తి వదులుతుంటే, ఇంకొకరు ఆర్మ్‌కూ నకిల్‌కూ మధ్య చూడాలి. వేళ్లు ఆ సందులో పెట్టొద్దు, పక్క నుంచి ఆనిస్తే చాలు, కదలిక చేతికి తెలుస్తుంది. స్ప్రింగు పై ఆర్మ్ మీద కూర్చునే బండి అయితే లెక్క తిరగబడుతుంది, అక్కడ బరువు మోసేది పై జాయింట్, పై ఆర్మ్‌కూ చాసిస్‌కూ మధ్య చెక్క ముక్క పెట్టి చాసిస్ కింద లేపాలి.

కదలిక కనబడగానే జాయింటే అని తేల్చెయ్యకండి. పైనా కిందా పట్టి ఊపితే వచ్చే ప్లే వీల్ బేరింగ్‌ది కూడా కావచ్చు. లోపల ఎవరినైనా బ్రేకు గట్టిగా నొక్కి పట్టమనండి, ప్లే పోతే బేరింగ్, అలాగే ఉంటే జాయింట్. పక్కలా పట్టి ఊపితే వచ్చేది ఎక్కువగా టై రాడ్ ఎండ్ (స్టీరింగ్‌ను చక్రానికి కలిపే రాడ్డు చివరి కీలు). ఎంత ప్లే వరకు ఒప్పుకోవచ్చో మీ బండి సర్వీసు మాన్యువల్‌లో ఉంటుంది. కొన్ని జాయింట్లకు అసలు ఉండకూడదు, లోపల చిన్న స్ప్రింగు ఉన్న రకాలకు కొద్దిగా ఉండొచ్చు. బూట్ బాగుంది కదా అని ధైర్యం వద్దు, నేను విప్పినదాంట్లో బూట్ కొత్తదానిలా ఉంది, లోపల మాత్రం గ్రీజు బదులు తుప్పు రంగు పొడి ఉంది.

మార్చేటప్పుడు కింది ఆర్మ్ కింద జాకీ మొదటి నుంచి చివరి వరకు ఉండాలి. జాకీ తీసేసి జాయింట్ విడదీస్తే స్ప్రింగు ఆర్మ్‌ను కిందికి విసిరేస్తుంది, ఇందులో తొందర అస్సలు పనికిరాదు. పాత నట్టును కొన్ని మరల మీద అలాగే ఉంచి, నకిల్ చెవి మీద పక్క నుంచి సుత్తితో కొడితే టేపర్ (నకిల్‌లో బిగుసుకునే జాయింట్ కోసు భాగం) వదులుతుంది, లేదా పుల్లర్ వాడండి. కొత్తది వేసేటప్పుడు టేపర్ రెండు వైపులా తుడిచి పొడిగా ఉంచండి, అక్కడ గ్రీజు రాయొద్దు. నట్టును చెప్పిన టార్క్‌కు బిగించాక స్ప్లిట్ పిన్ రంధ్రం కలవకపోతే ఇంకొంచెం ముందుకే బిగించాలి, వెనక్కి వదలకూడదు. పాత పిన్ మళ్లీ వాడొద్దు. తర్వాత అలైన్‌మెంట్ తప్పనిసరి. రెండో వైపు జాయింట్‌ను కూడా ఇదే పద్ధతిలో చూడండి, రెండూ ఒకే వయసువి అయితే రెండూ మార్చడమే నయం.

మిగతావి

స్టీరింగ్ తిప్పితే చేతికే తగిలేలా టక్ అంటుంటే స్టీరింగ్ షాఫ్ట్ జాయింట్ లేదా టై రాడ్ ఎండ్. ఒకరు కొద్దికొద్దిగా అటూ ఇటూ తిప్పుతుంటే ఇంకొకరు ఒక్కో జాయింట్ మీద చెయ్యి ఆనిస్తే దొరికిపోతుంది. నాలుగు చక్రాల డ్రైవ్ బండి పూర్తిగా మలుపు తిప్పి యాక్సిలేటర్ ఇచ్చినప్పుడు కటకటమంటే బయటి సీవీ జాయింట్ (మలుపులోనూ ఇంజిన్ శక్తిని చక్రానికి అందించే కీలు). వేగంతో పాటు పెరిగే గుర్రుమనే మోత వీల్ బేరింగ్ లేదా టైరు, దానికోసం సస్పెన్షన్ విప్పక్కర్లేదు. ఇంజిన్ మౌంట్, క్యాబిన్ బాడీ మౌంట్ రబ్బర్లు కూడా ఎప్పుడో ఒకసారి ఇలాంటి శబ్దం చేస్తాయి, పైవన్నీ అయ్యాక చూస్తే చాలు. చాసిస్‌లో పగులు ఇంకా అరుదు, బండికి దెబ్బ తగిలి ఉంటేనో, ఎప్పుడూ మోతాదు మించి బరువు వేసి ఉంటేనో వెతకండి.

ఏం మార్చినా 500 కిలోమీటర్లు తిరిగాక మీరు తాకిన ప్రతి నట్టునూ మళ్లీ టార్క్ రెంచ్‌తో చూడండి, అప్పటికి వదులయ్యేవి వదులై ఉంటాయి.