పాత సాష్ కిటికీలు మొరాయిస్తుంటే: లక్షణం, కారణం, మరమ్మతు

సాష్ కిటికీ తలుపులా తెరుచుకోదు. గాజు బిగించిన రెండు చెక్క రెక్కలు ముందూ వెనకా నిలబడి, వేరువేరు గాడుల్లో పైకీ కిందికీ జరుగుతాయి. పై రెక్క బయటివైపు గాడిలో, కింది రెక్క గదివైపు గాడిలో ఉంటాయి. ఒక్కో రెక్కకి రెండు పక్కలా తాడు ఉంటుంది. ఆ తాడు చట్రం పైభాగంలోని గిలక మీదుగా వెళ్లి, గోడవైపు ఉండే బోలు పెట్టెలోకి దిగుతుంది. అక్కడ దాని చివర పోత ఇనుప గుండు వేలాడుతుంది. రెక్క బరువూ గుండ్ల బరువూ సరితూగుతాయి కాబట్టి, పెద్ద కిటికీని కూడా సులువుగా ఎత్తవచ్చు, ఎత్తినచోటే అది ఆగుతుంది.

బ్రిటన్, ఐర్లండ్, అమెరికాల్లో 19వ శతాబ్దం ఇళ్లలో ఇవి ఇప్పటికీ బోలెడు కనిపిస్తాయి. నూరేళ్లు దాటిన కిటికీ బిగుసుకుపోతే, గాలి చొరబడితే చాలామందికి వచ్చే మొదటి ఆలోచన పీకేసి కొత్తది పెట్టించడం. నా ఉద్దేశంలో అది ఆఖరి ఆలోచన కావాలి. విప్పి బాగుచేసుకోవడానికి వీలుగానే ఈ కిటికీని తయారుచేశారు. అసలు దోషం ఎక్కడుందో కనిపెడితే, ఎక్కువసార్లు పని ఒక తాడుతోనో, ఒక బీడింగ్‌తోనో (రెక్కని గాడిలో పట్టి ఉంచే సన్న చెక్క పట్టీ), అడుగు చెక్కముక్కతోనో తేలిపోతుంది.

ముందు ఒక జాగ్రత్త

పాత రంగులో సీసం ఉండే అవకాశం ఎక్కువ. అమెరికాలో ఇళ్లకి వేసే సీసపు రంగుల్ని 1978లో నిషేధించారు, బ్రిటన్‌లో మామూలు అమ్మకాలు 1992 దాకా ఆగలేదు. అంతకు ముందటి పూత అయితే సీసం ఉందనే అనుకుని పని చేయండి. పొడిగా సాండ్‌పేపర్‌తో రుద్దకండి. తడిపి గీకండి, సన్నని ధూళిని ఆపే మాస్కు పెట్టుకోండి, కింద ప్లాస్టిక్ పట్టా పరవండి, చివర్లో తడిగుడ్డతో తుడవండి. వేడిగాలితో రంగుని మెత్తబరిచే హీట్ గన్ వాడితే వేడి బాగా తగ్గించి వాడాలి. ఎక్కువైతే సీసం ఆవిరిగా మారుతుంది, పక్కనున్న గాజు కూడా పగులుతుంది. ఇంట్లో చిన్నపిల్లలో గర్భిణులో ఉంటే ఈ గీకుడు పని ఇంట్లో పెట్టుకోకండి.

లక్షణం: కిటికీ అసలు కదలదు

పదింట తొమ్మిదిసార్లు కారణం రంగే. కొత్త రంగు వేసిన ప్రతిసారీ రెక్కకీ బీడింగ్‌కీ మధ్య సందులోకి కూడా రంగు దిగి, ఎండి, రెండింటినీ అతికించేస్తుంది. ఇలాంటప్పుడు కింది అడ్డపట్టె కింద స్క్రూడ్రైవర్ దూర్చి పైకి లేపడం అందరూ చేసే పనే. దాంతో ఆ పట్టె చీలుతుంది, అప్పటిదాకా లేని కొత్త సమస్య ఒకటి మొదలవుతుంది. కట్టర్ బ్లేడుతో రెక్క చుట్టూ రంగు గీతని కోయండి. లోపలివైపు, బయటివైపు, రెండు రెక్కలు నడుమ కలిసేచోట కూడా. తర్వాత పలుచని పుట్టీ కత్తిని సందులోకి పోనిచ్చి నెమ్మదిగా కదపండి. రెక్క పట్టె మీద ఒక చెక్కముక్క ఆనించి, దాని మీద సుత్తితో చిన్నగా తట్టండి. గాజు మీద ఒత్తిడి పడకూడదు.

రంగు కోసినా కదలకపోతే, ఎవరైనా పక్కనుంచి మేకో స్క్రూనో కొట్టేశారేమో చూడండి. దొంగల భయంతోనో, గాలికి ఊగుతోందనో కొట్టి, పైన రంగు పూసి మరిచిపోయిన మేకులు దొరుకుతూనే ఉంటాయి. వానాకాలంలో మాత్రమే బిగుసుకుని, ఎండాకాలంలో వదులయ్యే కిటికీ సంగతి వేరు. అక్కడ చెక్క తేమ పీల్చి ఉబ్బుతోంది. వెంటనే చిత్రిక పట్టేయకండి. పట్టేస్తే ఎండాకాలంలో అది గడగడలాడుతుంది. ముందు చెక్క ఆరనివ్వండి, పూత ఎక్కడ లేచిపోయిందో చూసి మూయండి, ఆ తర్వాత కూడా రాసుకుంటుంటే అప్పుడు చిత్రిక. గాడిలో కొవ్వొత్తి మైనం రుద్దితే జారుడు బాగుంటుంది. నూనె, గ్రీజు వద్దు, దుమ్ము పట్టి జిగటవుతాయి.

లక్షణం: ఎత్తితే నిలవదు, దబ్బున పడుతుంది

తాడు తెగింది. లేదా తెగడానికి సిద్ధంగా ఉంది. ఈ కిటికీల్లో అన్నిటికన్నా ప్రమాదకరమైన దోషం ఇదే, వేళ్లు నలిగేది ఇక్కడే. పుస్తకమో కర్రముక్కో అడ్డం పెట్టి కాలం గడపకండి.

పని చూస్తే భయమేస్తుంది గానీ, వరస తెలిస్తే సులువు. గదివైపు అంచున ఉన్న బీడింగ్‌ని నడుమనుంచి మొదలుపెట్టి వంచుతూ ఊడదీయండి, చివరలనుంచి లాగితే విరుగుతుంది. కింది రెక్క ముందుకి వచ్చేస్తుంది. దానికి తాడు ఒకవైపు ఇంకా బాగుంటే, మేకు తీసి తాడుని వదిలేయకండి. గుండు పెట్టెలో దభేలుమని పడుతుంది. తాడుకి ఒక ముడి వేసి వదిలితే గిలక దగ్గర ఆగిపోతుంది. తర్వాత రెండు గాడుల మధ్యనున్న సన్నని బీడింగ్ తీస్తే పై రెక్క కూడా బయటికి వస్తుంది. ఈ సన్న బీడింగ్ తీసేటప్పుడు విరగడం మామూలే, చవకైన వస్తువు, కొత్తది వేయండి.

ఇక గుండు బయటికి తీయాలి. చట్రం పక్కపట్టెలో కింది భాగాన చిన్న చెక్క మూత ఒకటి ఉంటుంది. చాలా ఇళ్లలో అది రంగు పొరల కింద కనిపించకుండా పోయి ఉంటుంది. అది లేదనుకుని గోడ పగలగొట్టినవాళ్లూ ఉన్నారు. వేలితో తట్టి, బ్లేడుతో గీత వెతికితే దొరుకుతుంది. మూత తీస్తే గుండ్లు చేతికి అందుతాయి. వాటి మీద ఎడమ, కుడి, పై, కింద అని సుద్దముక్కతో రాసిపెట్టుకోండి, కలిసిపోతే తర్వాత తలనొప్పి.

కొత్త తాడుని గిలక మీదుగా పంపడానికి సన్న దారం చివర వంచిన చిన్న మేకు కట్టి గిలకలోంచి జారవిడవండి. మేకు బరువుకి దారం కిందికి దిగుతుంది, దాని వెనకే తాడు వస్తుంది. తాడు మైనం పట్టించిన నూలుది అయితే మంచిది, బట్టలారేసే నైలాన్ తాడు సాగిపోతుంది.

పొడవు దగ్గరే అందరూ తడబడతారు. పై రెక్క మూసి ఉన్నప్పుడు, అంటే పైన ఉన్నప్పుడు, దాని గుండు పెట్టె అడుగుకి కనీసం 50 మిల్లీమీటర్ల ఎత్తున వేలాడాలి. అడుగుకి ఆనితే రెక్క పూర్తిగా పైకి పోకముందే తాడు వదులవుతుంది. కింది రెక్క మూసి ఉన్నప్పుడు దాని గుండు గిలక దాకా వచ్చి, దానికి తగలకుండా కాస్త దిగువన ఆగాలి. ఇంకో మెలిక ఉంది. తాడుని రెక్క పక్క గాడిలో మేకులతో కొట్టేటప్పుడు పైభాగంలో కొట్టకూడదు. గిలక నుంచి చట్రం పైకప్పు దాకా ఎంత దూరముందో, రెక్క పై అంచు నుంచి కనీసం అంత మేర మేకు లేకుండా వదలాలి. లేదంటే రెక్క పైదాకా వెళ్లదు, మేకు గిలక దగ్గర తగులుకుంటుంది. ఒక్క తాడే తెగినా నాలుగూ మార్చేయండి. అన్నిటి వయసూ ఒకటే, మిగతా మూడూ ఎంతో కాలం ఆగవు.

తాడు బాగానే ఉన్నా రెక్క తనంతట తాను జారుతుంటే తూకం తప్పిందన్నమాట. గాజు మార్చినప్పుడు మందమైనది వేసి, గుండ్లు పాతవే ఉంచితే ఇలా అవుతుంది. గాజుతో సహా రెక్కని తూచండి. పై రెక్కకి రెండు గుండ్లూ కలిపి రెక్క కన్నా కొంచెం ఎక్కువ ఉండాలి, అప్పుడు అది పైకి అంటిపెట్టుకుని ఉంటుంది. కింది రెక్కకి కొంచెం తక్కువ ఉండాలి, అప్పుడు మూసినచోట కూర్చుంటుంది. తేడా అర కిలో అటూ ఇటూ చాలు. పెట్టెలో చోటు చాలకపోతే సీసపు గుండ్లు వాడతారు. పోత ఇనుము సాంద్రత ఘన సెంటీమీటరుకి సుమారు 7.2 గ్రాములు, సీసానిది 11.3. అదే పరిమాణంలో బరువు ఒకటిన్నర రెట్లు దాటుతుంది.

లక్షణం: గాలికి గడగడలాడుతుంది, చల్లగాలి లోపలికి వస్తోంది

రెక్కకీ బీడింగ్‌కీ మధ్య ఖాళీ పెరిగింది. గదివైపు బీడింగ్ తీసి, రెక్కకి కాస్త దగ్గరగా జరిపి మళ్లీ కొట్టండి. ఒక పాత రంగు కార్డు అట్ట అడ్డం పెట్టి కొడితే, అట్ట తీసేశాక సరిపడా సందు మిగులుతుంది. నడుమ గొళ్లెం రెండు రెక్కల్నీ ఒకదానివైపు ఒకటి లాగి పట్టే రకం పెట్టుకోండి. ఉత్తినే అడ్డం తిరిగే పలుచని గొళ్లెం మూసినట్టు కనిపిస్తుంది గానీ బిగింపు ఉండదు.

గాలి ఆపడానికి బ్రష్ పట్టీ అమర్చిన బీడింగ్‌లు దొరుకుతాయి, పాతవి తీసి అవి పెట్టించండి. నడుమ పట్టెల మధ్య, కింది పట్టె అడుగున కూడా పట్టీ వేయాలి. ఎక్కువ గాలి ఆ రెండు చోట్లనుంచే వస్తుంది, జనం మాత్రం పక్కలే మూస్తారు. గది పూర్తిగా గాలాడకుండా మూసేయడమూ మంచిది కాదు, తేమ గోడలకి పడుతుంది. గ్యాస్‌తోనో కట్టెలతోనో మంట వెలిగే గది అయితే గాలి దారి ఉంచడం తప్పనిసరి.

లక్షణం: కింది పట్టె, గడప మెత్తబడ్డాయి

రంగు బుడగలు లేస్తే, కింద చెక్క నల్లబడితే సన్నని స్క్రూడ్రైవర్ మొనతో గుచ్చి చూడండి. గట్టి చెక్కలోకి మొన దిగదు. కుళ్లినదైతే మెత్తగా దిగిపోతుంది. రంగు నిగనిగలాడుతున్నా లోపల పుచ్చిపోయిన పట్టెలు చాలా ఉంటాయి, పైపూత చూసి నమ్మకండి.

కుళ్లుకి మూలం బూజు జాతి జీవి. చెక్కలో తేమ 20 శాతం దాటి అలాగే ఉంటేనే అది పెరుగుతుంది. కాబట్టి కుళ్లు తీసి పూడ్చడం సగం పనే, నీళ్లు ఎటునుంచి వస్తున్నాయో వెతకడం మిగతా సగం. మూడు చోట్లు చూడండి. గాజుని రెక్కలో పట్టి ఉంచే పుట్టీ అడుగున పగిలి ఆ సందులోకి వాన దిగుతోందా? గడప, అంటే కిటికీ చట్రం అడుగు చెక్క, బయటికి వాలుగా ఉందా, లేక నీళ్లు దాని మీద నిలుస్తున్నాయా? గడప అడుగున అంచుకి దగ్గర్లో ఒక సన్న గాడి ఉంటుంది. నీటిచుక్క గోడదాకా పాకకుండా అక్కడే తెగి పడడానికి పెట్టింది అది. రంగు వేసేవాళ్లు ఆ గాడిని రంగుతోనో సిమెంటుతోనో నింపేస్తారు, ఆ తర్వాత గోడ చెమ్మపట్టిందని అంతా కంగారు పడతారు. గాడిని గీకి శుభ్రం చేస్తే చాలు.

ఇప్పుడు మరమ్మతు. మెత్తని భాగమంతా గట్టి చెక్క తగిలేదాకా ఉలితో తీయండి, తర్వాత పూర్తిగా ఆరనివ్వండి. తొందరపడి తడి చెక్క మీద పూడిస్తే లోపల కుళ్లు సాగుతూనే ఉంటుంది. గుంట చిన్నదైతే రెండు భాగాలు కలిపే ఎపాక్సీతో పూడ్చవచ్చు. చెక్క ఉబ్బి కుంచించుకున్నప్పుడు అది కూడా కొంత సాగుతుంది కాబట్టి ఊడిపోదు. గోడ లప్పం, సిమెంటు మాత్రం వద్దు, అంచుల్లో పగిలి నీళ్లని లోపలే పట్టి ఉంచుతాయి. పెద్ద భాగం పోతే ఎపాక్సీ ముద్దలు పెట్టి ఏమార్చకండి. పోయినంత మేర కోసి కొత్త చెక్కముక్క అతికించాలి. ఆ కోత వాలుగా ఉంటే నీళ్లు అతుకులో నిలవకుండా జారిపోతాయి. పాత చెక్క ఏ రకమో, దాని నార దిశ ఎటో చూసి అలాంటిదే తెచ్చుకోండి. అడ్డకోత కోసిన ముఖాలు గడ్డిపరకల కట్టలా నీళ్లు పీలుస్తాయి, వాటికి ప్రైమర్ రెండుసార్లు పట్టించి గాని బిగించకండి.

రెక్క మూలల్లో కుసులు (ఒక చెక్క మరో చెక్కలోకి దిగే అతుకులు) వదులై మూలమట్టం తప్పితే, ఇనుప ఎల్ పట్టీ బిగించి సరిపెట్టడం తాత్కాలికమే. రెక్క విప్పి, పాత జిగురు గీకి, మళ్లీ అతికించి క్లాంపులతో బిగించాలి.

లక్షణం: పుట్టీ రాలుతోంది, గాజు కదులుతోంది

అవిసె నూనె పుట్టీ కాలం గడిచే కొద్దీ గట్టిపడి పగులుతుంది. వదులైనచోట మాత్రమే తీయండి, గట్టిగా పట్టుకున్నదాన్ని ఉలితో కొడితే గాజు పోతుంది. కొత్తది పెట్టేముందు గాడికి ప్రైమరో అవిసె నూనో రాయాలి. లేదంటే పొడిచెక్క పుట్టీలోని నూనెని పీల్చేసి, ఏడాదికే మళ్లీ పెళుసవుతుంది. గాజు గాడి కన్నా పొడవు, వెడల్పుల్లో 3 మిల్లీమీటర్లు తక్కువ ఉండాలి. పుట్టీ పైపొర కట్టడానికి వారం రెండు వారాలు పడుతుంది, ఆ తర్వాతే రంగు. రంగు గాజు మీదకి 2 మిల్లీమీటర్లు పాకాలి. ఆ అంచే వానని ఆపుతుంది, దాన్ని అందం కోసం బ్లేడుతో గీకేయడం అనవసరం.

అలలు అలలుగా కనిపించే పాత గాజు పగలకపోతే మార్చకండి. కాలం గడిచి గాజు కిందికి కారడం వల్ల అలా ఉందని చెప్పుకుంటారు గానీ, అది నిజం కాదు. ఊది తయారుచేసిన రోజే అది అలా వచ్చింది.

లక్షణం: చలికాలం గాజు చెమరుస్తోంది, వీధి చప్పుడు ఆగడం లేదు

ఒంటి గాజు చలిని ఆపలేదు, ఎంత బాగుచేసినా. దీనికి రెక్క మార్చనక్కరలేదు, గదివైపున ఇంకో పలుచని గాజు చట్రం అమర్చుకోవచ్చు. వేడి నిలవడానికి రెండింటి మధ్య 20 మిల్లీమీటర్ల సందు చాలు. చప్పుడు తగ్గాలంటే 100 మిల్లీమీటర్లు, అంతకు మించి కావాలి. లోపలి చట్రానికి గాలి చొరని పట్టీ గట్టిగా వేయండి, బయటి పాత కిటికీని మాత్రం కాస్త ఊపిరాడనివ్వండి. తారుమారు చేస్తే రెండింటి నడుమా తేమ చేరుతుంది.

మార్చక తప్పనప్పుడు

నిలువు పట్టెలు కూడా పుచ్చి, చట్రం వంకరపోతే మార్చాల్సిందే. అప్పుడు కూడా చట్రం బాగుంటే రెక్కలు మాత్రం కొత్తవి చేయించుకోవచ్చు, ఈ దారి చాలామందికి ఎవరూ చెప్పరు. రెండు పొరల గాజు వేస్తే రెక్క బరువు పెరుగుతుంది, గుండ్లు తప్పక మార్చాలి. ఆ గాజుల అంచు సీలు ఒకనాడు పోతుంది, లోపల మంచు పట్టినట్టవుతుంది, అప్పుడు ఆ గాజు మొత్తం మార్చాలి. బ్రిటన్‌లో వారసత్వ జాబితాలో ఉన్న ఇల్లయితే అనుమతి లేకుండా కిటికీ మార్చడం నేరం, ముందే స్థానిక కౌన్సిల్‌ని అడగండి.

కొలతలు ఒక్కచోట తీసి ఆర్డరివ్వకండి. పైన, నడుమ, కింద వెడల్పులు, రెండు మూలల మధ్య ఐమూల కొలతలు కూడా తీయండి. పాత గోడల్లో ఇవి ఒకదానికొకటి కలవవు. మొత్తం చట్రం పెకలించాల్సి వస్తే ముందు పైనున్న గోడ దేని మీద నిలబడిందో చూడండి. కొన్ని పాత ఇటుక ఇళ్లలో లోపలివైపు గోడ బరువులో కొంత ఆ చట్రం మీదే పడుతుంది. అలాంటిచోట ఆసరా కర్రలు నిలపకుండా ఒక్క మేకు కూడా తీయకూడదు. అది తెలిసిన మేస్త్రీ చేయాల్సిన పని.