ట్రైకోడెర్మాని పశువుల ఎరువులో పెంచడం ఎలా? (తేమ, వేడి దగ్గరే అందరూ చెడగొడుతున్నారు)

షాపులో రెండు కిలోల ట్రైకోడెర్మా పొడి కొనడం, ఇసకలో కలిపి ఎకరం చేనంతా చల్లేయడం, నెల తిరిగాక "ఏం పని చెయ్యలేదండి, అంతా మోసం" అనడం. ప్రతి సీజన్లో ఇదే తంతు. ఎలా పని చేస్తుందండి? అది ప్రాణం ఉన్న బూజు. తిండి, తడి లేని మట్టిలో పడేస్తే అది పెరిగేదెక్కడ? ముందు దాన్ని ఎరువులో పెంచాలి, బాగా అల్లుకున్నాక అప్పుడు చేలోకి తీసుకెళ్ళాలి. కందిలో, శనగలో ఎండు తెగులు, పసుపులో దుంపకుళ్ళు, వేరుశనగలో మొదలుకుళ్ళు, మిరపలో నారుకుళ్ళు ఇవన్నీ నేలలో ఉండే శిలీంధ్రాల వల్ల వచ్చేవే. ట్రైకోడెర్మా వాటి పోగుల చుట్టూ చుట్టుకుని, గోడల్ని కరిగించే ఎంజైములు వదిలి వాటినే తినేస్తుంది. ఒకటీ అరా కణాలు ఉంటే అది జరగదు, వేరు చుట్టూ కోట్లలో ఉండాలి.

కావాల్సినవి పెద్దగా ఏం లేవు. బాగా చివికిన పశువుల ఎరువు 90 కిలోలు, వేప పిండి 10 కిలోలు, ట్రైకోడెర్మా పొడి 2 కిలోలు, ఒక పార, నాలుగైదు గోనె సంచులు, నీడ. ఇది ఒక ఎకరానికి లెక్క. ట్రైకోడెర్మాలో విరిడి రకమైనా హర్జియానమ్ రకమైనా పర్లేదు కానీ ప్యాకెట్ మీద తయారీ తేదీ చూడండి, గ్రాముకి కనీసం 20 లక్షల సీఎఫ్‌యూ (అంటే మొలకెత్తగల బతికున్న కణాల లెక్క) అని రాసుందో లేదో చూడండి. తేదీ పాతదైతే ఎంత తక్కువకి ఇచ్చినా వద్దు. షాపులో అద్దాల వెనక ఎండ పడే చోట పెట్టిన ప్యాకెట్ అసలు ముట్టుకోకండి. వేప పిండి నూనె తీసిందే తెచ్చుకోండి, గడ్డలుంటే చితక్కొట్టండి.

బెల్లం ఎందుకు రాయలేదు అంటారా, అస్సలు వద్దు. చాలామంది కిలో రెండు కిలోలు కలుపుతారు, కొందరు చెప్తారు కూడా. బెల్లం వేస్తే బ్యాక్టీరియా ముందు లేస్తుంది, చీమలు పడతాయి, మూడో రోజుకి పుల్లటి వాసన. ట్రైకోడెర్మాకి పీచు, పొట్టు ఉంటే చాలు, దాని తిండే అది. రెండో ప్రపంచ యుద్ధం టైమ్‌లో సోలమన్ దీవుల్లో అమెరికా సైన్యం టెంట్లు, నూలు గుడ్డలు పాడైపోతుంటే ఎందుకా అని చూశారు, వాటిని తింటున్న బూజుల్లో ట్రైకోడెర్మా జాతిదే ఒకటి దొరికింది. దానికి తర్వాత రీసై అని పేరు పెట్టారు. ఇవాళ జీన్స్ ప్యాంట్లకి ఆ వెలిసిన రంగు తెప్పించే ఎంజైములూ, గడ్డి నుంచి ఇథనాల్ తీయడానికి వాడే ఎంజైములూ చాలావరకు దాని నుంచే తీస్తున్నారు. టెంటుని తినేసే జాతికి మనం బెల్లం పెట్టాల్సిన పని లేదు. డ్రమ్ములో నీళ్ళు పోసి బెల్లంతో మురగబెట్టే పద్ధతి కూడా దీనికి పనికిరాదు, నిలవ నీళ్ళలో గాలి ఆడదు, బూజుకి గాలి కావాలి.

కలపడం ఐదు నిమిషాల పని. నీడలో మట్టి నేల మీద ఎరువు పరిచి, పైన వేప పిండి, దాని మీద పొడి చల్లి పారతో రెండు మూడు సార్లు తిరగేయండి. ముక్కుకి గుడ్డ కట్టుకోండి, ఆయాసం ఉన్నవాళ్ళు దూరంగా ఉండండి.

ఇక అసలు సంగతి. నూటికి తొంభై మంది చెడగొట్టేది తేమ దగ్గర, వేడి దగ్గరే కాబట్టి ఇది మాత్రం నిదానంగా చదవండి.

ముందు వేడి. ట్రైకోడెర్మాకి 25 నుంచి 30 డిగ్రీలు హాయి, 35 దాటితే నీరసం, ఇంకా పెరిగితే చావే. పచ్చి పేడ కుప్ప లోపల 60 డిగ్రీలకి కూడా పోతుంది. అందులో పొడి కలపడం అంటే కాగే పాలల్లో తోడు వెయ్యడమే. మరి ఎరువు చివికిందో లేదో ఎలా తెలుస్తుంది? కుప్పలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టండి. లోపల వెచ్చగా తగిలితే ఇంకా అవలేదు. అనుమానం తీరకపోతే గుప్పెడు తడి ఎరువు పాలిథిన్ కవర్లో వేసి గట్టిగా ముడేసి రెండు మూడు రోజులు ఉంచండి, కవరు ఉబ్బినా, విప్పగానే కుళ్ళు వాసన కొట్టినా ఆ ఎరువు వద్దు. నల్లగా, పొడిపొడిగా, మట్టి వాసన వస్తేనే తీసుకోండి.

చివికిన ఎరువే కదా అని ధీమా పడకండి, వేప పిండిలో నత్రజని ఉంటుంది కాబట్టి తడి తగలగానే అది మళ్ళీ వేడెక్కుతుంది. అందుకే కుప్ప అడుగు ఎత్తు దాటకూడదు. చాలామంది చోటు కలిసొస్తుందని మూడడుగులు పోస్తారు, లోపల ఆవిరి పట్టి మొత్తం చచ్చిపోతుంది, పైపైన మాత్రం ఆకుపచ్చ బూజు కనిపించి మనల్ని మోసం చేస్తుంది. రెండో రోజు పొద్దున్నే మధ్యలో చెయ్యి పెట్టి చూడండి, ఒంటి వేడి కంటే ఎక్కువ అనిపిస్తే ఇంకేం ఆలోచించకుండా సగం ఎత్తుకి పరిచేయండి. మే నెల ఎండల్లో చెట్టు నీడ చాలదు, పాక కిందో కొట్టంలోనో చేసుకోండి, లేదా తొలకరి పడేదాకా ఆగండి.

తర్వాత తేమ. ఎన్ని లీటర్లు పొయ్యాలి అని అడుగుతారు. ఎరువులో ముందే ఎంత తడి ఉందో చూడకుండా ఎవరు చెప్పినా అది తప్పు లెక్కే. పిడికిట్లో పట్టి గట్టిగా పిండండి. ముద్ద కట్టాలి, వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు కారకూడదు, చెయ్యి తెరిస్తే అరచేయి తడి తడిగా ఉండాలి. ముద్దని వేలితో పొడిస్తే విడిపోవాలి. నీళ్ళు కారాయంటే గాలి ఆడదు, బురద వాసన వస్తుంది, ఇక అది ట్రైకోడెర్మా కుప్ప కాదు. అలా అయితే పొడి ఎరువు కలిపి సరిచెయ్యండి. బకెట్తో గుమ్మరించకండి, చేత్తో చిలకరిస్తూ కలుపుతూ పోవాలి. మున్సిపాలిటీ నీళ్ళయితే క్లోరిన్ పోయేలా ముందు రాత్రి తొట్టిలో పట్టి ఉంచండి.

పైన తడిపిన గోనె సంచులే కప్పాలి. టార్పాలిన్, ప్లాస్టిక్ పట్టా వద్దే వద్దు, ఉక్కపోతకి లోపల ఉడికిపోతుంది. గోనె సంచి రెండు మూడు విడతలకి పీలికలైపోతుంది, బూజు దాన్నీ తింటుంది కాబట్టి పాతవే వాడండి. సంచి ఆరితే రోజూ కాసిని నీళ్ళు చిలకరించండి, నాలుగో రోజు ఒకసారి తిరగేసి మళ్ళీ కప్పండి.

మొదట తెల్లగా నూగులా పడుతుంది, కంగారు పడొద్దు. తర్వాత ఆ తెలుపు మీద ముదురు ఆకుపచ్చ చుక్కలు లేచి కలిసిపోతాయి, ఏడు నుంచి పది రోజుల్లో కుప్పంతా పచ్చబడుతుంది. కొన్ని రకాలకైతే దగ్గరగా ముక్కు పెడితే కొబ్బరి వాసన వస్తుంది. నల్లటి పొడి బూజు కనిపిస్తే మాత్రం ఆ కుప్ప వేరుశనగ చేలోకి తీసుకెళ్ళొద్దు, వేరుశనగలో మొదలుకుళ్ళు తెచ్చే వాటిలో ఒకటి అలాంటి నల్ల బూజే.

వెయ్యడం తేలిక. నేలలో తడి ఉన్నప్పుడు, సాయంత్రం పూట, ఆఖరి దుక్కిలో చల్లి కలియదున్నండి. పసుపు, మిరప అయితే సాళ్ళలో, బత్తాయి, నిమ్మ అయితే పాదుల్లో వేసి మట్టి కప్పి తడి ఇవ్వండి. ఎండిపోయిన మొక్క లేచి రాదు, పక్క మొక్కకి పాకకుండా ఆపడమే దీని పని. కార్బెండజిమ్ లాంటి బూజుల్ని చంపే మందు నేలకి పోసిన చోట వెయ్యకండి, ముందు చచ్చేది ఇదే. రసాయన ఎరువుల్లో, బూడిదలో కలిపి చల్లొద్దు. ఇక కాస్త మిగిల్చి వచ్చే సీజన్ కుప్పకి తోడుగా వాడుకుందాం అనుకోకండి, అందులో వేరే బూజులు కూడా చేరి ఉంటాయి, ప్రతిసారీ కొత్త ప్యాకెట్తోనే మొదలుపెట్టండి.