జర్మనీలో కొత్తగా పోస్ట్‌డాక్‌కి దిగారా? గ్రాంట్ల సంగతి మొదటి నెలలోనే చూసుకోండి

అన్మెల్డుంగ్, అంటే ఊళ్ళో అడ్రస్ నమోదు, అయింది, బ్యాంక్ అకౌంట్ అయింది, ఇన్సూరెన్స్ కార్డు ఇంకా పోస్టులో రాలేదు, ఇల్లు దొరకలేదు, ఈ గొడవలో గ్రాంట్ల గురించి ఏం ఆలోచిస్తాంలే, ఒక ఏడాది పనిచేసి రెండు పేపర్లు వేసుకున్నాక చూద్దాం అనుకుంటారు చాలామంది. మన వైపు నుంచి వచ్చినవాళ్ళు మరీనూ, ఎందుకంటే అక్కడ ప్రాజెక్ట్ డబ్బులు తేవడం గైడ్ సార్ పని, మన పని ల్యాబ్‌లో. ఇక్కడ అలా కాదు, పోస్ట్‌డాక్, అంటే పీహెచ్‌డీ అయ్యాక రీసెర్చ్ చేసే మనిషి, ప్రపోజల్ రాసి తన జీతం తనే తెచ్చుకోవచ్చు, పైగా ముందుముందు ఇంటర్వ్యూల్లో ఎంత డ్రిట్‌మిట్టెల్ తెచ్చావు అని అడుగుతారు, అంటే యూనివర్సిటీ బడ్జెట్ కాకుండా బయటి నుంచి పట్టుకొచ్చిన డబ్బు అన్నమాట. ఇంకో చిక్కు కూడా ఉంది, కొన్ని ఫెలోషిప్‌లకి మీరు జర్మనీలో దిగిన రోజు నుంచే టైం తరిగిపోతూ ఉంటుంది. మీ పని ఎంత బాగున్నా తేదీ దాటితే అప్లికేషన్ తెరిచి కూడా చూడరు.

అందరికంటే ముందు చూసుకోవాల్సింది మేరీ క్యూరీ, ఎంఎస్‌సీఏ పోస్ట్‌డాక్టోరల్ ఫెలోషిప్ అంటారు, యూరోపియన్ యూనియన్‌ది, ఏ దేశం పాస్‌పోర్ట్ అయినా పర్లేదు, డెడ్‌లైన్ ఏటా సెప్టెంబర్‌లో పడుతుంది. దీనికి మొబిలిటీ రూల్ అని ఒకటుంది, డెడ్‌లైన్‌కి ముందు 36 నెలల్లో మీరు వెళ్ళబోయే దేశంలో 12 నెలలకి మించి ఉండకూడదు. ఇప్పుడు లెక్కేయండి, అక్టోబర్‌లో జర్మనీలో దిగినవాళ్ళకి వచ్చే సెప్టెంబర్‌కి పదకొండు నెలలే అవుతాయి, వేయొచ్చు. జులైలో దిగినవాళ్ళకి వచ్చిన కొత్తలోనే ఆ సెప్టెంబర్‌లో వేస్తే సరి, వదిలేస్తే తర్వాతి సెప్టెంబర్‌కి పద్నాలుగు నెలలు, ఇక జర్మనీకి వేయడానికి లేదు. అయితే తలుపు పూర్తిగా మూసుకుపోయినట్టు కాదు, రూల్ దేశం దేశానికి కాబట్టి డెన్మార్క్‌కో నెదర్లాండ్స్‌కో వేసుకోవచ్చు, కాకపోతే అక్కడ హోస్ట్‌ని, అంటే మిమ్మల్ని చేర్చుకునే సంస్థని, వెతుక్కోవాలి, మళ్ళీ ఇల్లు మారాలి, పిల్లలుంటే స్కూలు మారాలి. మరో మాట, వాళ్ళు పెట్టిన హద్దు కంటే తక్కువ స్కోర్ వస్తే తర్వాతి ఏడాది అదే హోస్ట్‌తో మళ్ళీ వేయనివ్వరు, కాబట్టి ఊరికే ఒక రాయి వేసి చూద్దాం అని వేయకండి.

హుంబోల్ట్ ఫౌండేషన్ వాళ్ళ రీసెర్చ్ ఫెలోషిప్ కూడా ఇలాంటిదే, బయట దేశాల్లో ఉన్నవాళ్ళని జర్మనీకి రప్పించడం దాని ఉద్దేశం, కాబట్టి ఇక్కడ ఇప్పటికే ఎన్నాళ్ళుగా ఉంటున్నారో లెక్క చూస్తారు. ఇంకా ఇండియాలోనే ఉండి ఇది చదువుతుంటే దీన్ని ముందు చూడండి. బయాలజీ వాళ్ళకి హైడెల్‌బర్గ్‌లోని ఎంబో ఫెలోషిప్, స్ట్రాస్‌బర్గ్‌లోని హ్యూమన్ ఫ్రాంటియర్ ప్రోగ్రాం ఉన్నాయి, రెండూ దేశం మారే కొత్త పోస్ట్‌డాక్‌ల కోసమే, రెండింట్లోనూ పీహెచ్‌డీ అయ్యి ఎన్నాళ్ళయింది అన్నది గట్టిగా చూస్తారు.

పీహెచ్‌డీ తేదీ అంటే గుర్తొచ్చింది, ఇది మనవాళ్ళని బాగా ఏడిపించే విషయం. ఉస్మానియా అనండి ఆంధ్రా యూనివర్సిటీ అనండి, థీసిస్ సబ్మిట్ చేసిన రోజు ఒకటి, వైవా రోజు ఒకటి, ప్రొవిజనల్ మీద తేదీ ఒకటి, కాన్వొకేషన్‌లో ఒరిజినల్ చేతికొచ్చేసరికి ఇంకో తేదీ. మేరీ క్యూరీలో థీసిస్ డిఫెండ్ చేశారా లేదా అన్నదే లెక్క, ఒరిజినల్ పట్టా ఇంకా చేతికి రాకపోయినా పర్లేదు, కానీ డిఫెండ్ చేసినట్టు కాగితం చూపించాలి. ఒక్కో స్కీం ఒక్కో తేదీ అడుగుతుంది కాబట్టి వైవా నోటిఫికేషన్, ప్రొవిజనల్, ఒరిజినల్ మూడూ స్కాన్ చేసి ఒకే ఫోల్డర్‌లో పెట్టుకోండి. వైవా తేదీ ఎక్కడా రాసి లేకపోతే ఎగ్జామినేషన్ బ్రాంచ్ నుంచి ఒక లెటర్ తెప్పించుకోండి, ఇండియాలో ఉన్నప్పుడు అయితే మరీ మంచిది, ఇక్కడినుంచి ఫోన్లో ఆ పని అవడం మామూలు విషయం కాదు. పనిలో పనిగా ఓర్కిడ్ ఐడీ కూడా సెట్ చేసుకోండి, పేరు ఎలా రాసినా మీ పేపర్లన్నీ మీవేనని చూపించే నంబర్ అది. ఇంటిపేరు ఒక పేపర్లో ముందు, ఇంకో దాంట్లో వెనక, మరో దాంట్లో ఇనిషియల్‌గా, పాస్‌పోర్ట్‌లో ఇంకోలా ఉంటుంది మనకి, రివ్యూ చేసేవాళ్ళకి నలుగురు మనుషుల్లా కనిపిస్తాం.

ఇక అసలు పెద్ద దిక్కు డీఎఫ్‌జీ, జర్మన్ రీసెర్చ్ ఫౌండేషన్, ఆఫీసు బాన్‌లో. దీని మంచి గుణం ఏంటంటే మామూలు రీసెర్చ్ గ్రాంట్‌కి, వాళ్ళ భాషలో జాఖ్‌బైహిల్ఫే, డెడ్‌లైన్ లేదు, ఎప్పుడైనా వేయొచ్చు, ఇంగ్లీష్‌లో రాయొచ్చు, ఇండియన్ పాస్‌పోర్ట్ అడ్డం కాదు, పీహెచ్‌డీ ఉండి ఇక్కడ రీసెర్చ్ చేస్తుంటే చాలు. అందులోనే ఐగెనె స్టెల్లె అని ఒక మాడ్యూల్ ఉంది, అంటే ప్రాజెక్ట్‌తో పాటు మీ జీతం కూడా మీరే అడగొచ్చు, దానికి మాత్రం గ్రాంట్ వస్తే మేం ఈ మనిషికి ఉద్యోగం ఇస్తాం అని యూనివర్సిటీ సంతకం పెట్టిన కాగితం కావాలి, ఆ సంతకానికి వారాలు పట్టొచ్చు. పీహెచ్‌డీ అయిన కొత్తలో వాల్టర్ బెన్యామిన్ ప్రోగ్రాం చూడండి, రెండేళ్ళ దాకా ఇస్తారు, అది కూడా ఎప్పుడైనా వేయొచ్చు, ఉన్న ల్యాబ్‌లోనే చేస్తానంటే మాత్రం ఎందుకో గట్టి కారణం చెప్పాలి. సొంత గ్రూప్ పెట్టుకోవాలంటే ఎమ్మీ నోథర్, ఆరేళ్ళు, సాధారణంగా పీహెచ్‌డీ అయిన నాలుగేళ్ళ లోపు వేయాలి. మాక్స్ ప్లాంక్, హెల్మ్‌హోల్ట్స్ ఇన్‌స్టిట్యూట్‌లలో చేరినవాళ్ళకి డీఎఫ్‌జీ రూల్స్ కొంచెం వేరు, యూనివర్సిటీ నుంచి పార్ట్‌నర్‌ని కలుపుకోవాల్సి రావచ్చు, మీ ఆఫీసులో అడగండి.

ఇప్పుడు కొత్తవాళ్ళు పెద్దగా వాడని ఒక వస్తువు చెప్తాను, గెప్రిస్ అని డీఎఫ్‌జీ వాళ్ళదే డేటాబేస్, ఫ్రీ, లాగిన్ అక్కర్లేదు. మీ టాపిక్ కొట్టండి, పెరోవ్‌స్కైట్ అనో మలేరియా అనో. ఒక్కో ప్రాజెక్ట్ మీద నొక్కితే టైటిల్, ఎవరికి వచ్చింది, ఏ ఊరు, ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకా, ఏ సబ్జెక్ట్ కింద రివ్యూ అయింది, పది పదిహేను లైన్ల సారాంశం, అన్నీ ఉంటాయి, డబ్బు ఎంతన్నది మాత్రం కనపడదు. ఒక సాయంత్రం కూర్చుని ఓ ముప్పై చూశారంటే మీ ఫీల్డ్‌లో ఏ రకం ప్రశ్నకి డబ్బులిస్తున్నారో అర్థమైపోతుంది, మీలాంటి ఐడియాకి ఇప్పటికే ఇచ్చేశారా లేదా తెలుస్తుంది, అన్నిటికంటే ముఖ్యంగా మీ ఊళ్ళోనే మీ మెట్రో లైన్‌లోనే గ్రాంట్ తెచ్చుకున్న మనిషి పేరు దొరుకుతుంది. ఆ మనిషికి రెండు లైన్ల మెయిల్ రాసి కాఫీకి వస్తారా అని అడగండి. మీ టాపిక్‌లో ఎస్‌ఎఫ్‌బీ అనే పెద్ద గ్రూప్ ప్రాజెక్ట్ మీ యూనివర్సిటీలో నడుస్తున్నట్టు కనిపిస్తే ఇంకా మంచిది, వాటిలో కొత్త పోస్ట్‌డాక్‌లకి చిన్న స్టార్టర్ డబ్బులు ఉండే అవకాశం ఉంది. యూరోపియన్ గ్రాంట్లకి ఇలాంటిదే కార్డిస్, అందులో ఎంతిచ్చారో కూడా ఉంటుంది.

అలాగే డీఎఫ్‌జీ సైట్లో ప్రతి సబ్జెక్ట్ కింద ఆ సబ్జెక్ట్ చూసే ఆఫీసర్ పేరు, ఫోన్ నంబర్ ఉంటాయి. ఫోన్ చేయండి. మనకి ఆఫీసర్ అంటే బిల్లు పాస్ చేసే సారు గుర్తొచ్చి చేతులు వణుకుతాయి, ఇక్కడ మాత్రం నా ఐడియా మీ స్కీంకి సరిపోతుందా, నేను అర్హుడినేనా అని అడగడం మామూలు విషయం, వాళ్ళ పనే అది, పీహెచ్‌డీ చేసినవాళ్ళే ఆ సీట్లలో ఉంటారు. అడగందే అమ్మయినా పెట్టదు అన్న సామెత ఇక్కడ అక్షరాలా పనిచేస్తుంది.

ఫోన్ కంటే ముందు మీ యూనివర్సిటీలోనే ఒక ఆఫీసు తలుపు తట్టాలి, ఫోర్షుంగ్స్‌సర్వీస్ అనో ఫోర్షుంగ్స్‌డెట్సెర్నాట్ అనో బోర్డు ఉంటుంది, రీసెర్చ్ చేసేవాళ్ళకి సాయం చేసే ఆఫీసు, ఊరిని బట్టి పేరు మారుతుంది. వీళ్ళ దగ్గర ఎల్ఫి అనే ఫండింగ్ డేటాబేస్ ఉంటుంది చాలా చోట్ల, యూనివర్సిటీ డబ్బు కట్టి పెట్టుకున్నది, క్యాంపస్ నెట్‌వర్క్‌లోనో వీపీఎన్‌లోనో తెరిస్తే మీ సబ్జెక్ట్, మీ స్టేజ్ సెట్ చేసుకుని మెయిల్ అలర్ట్ పెట్టుకోవచ్చు. గూగుల్‌లో దొరికే టాప్ 50 స్కాలర్‌షిప్స్ లిస్టులు చదవడం కంటే ఇది వెయ్యి రెట్లు నయం, ఆ లిస్టుల్లో సగం ఎప్పుడో ముగిసిపోయినవే. యూరోపియన్ గ్రాంట్లకి విడిగా ఈయూ రెఫరెంట్ అనే ఆఫీసర్ ఉంటారు, మేరీ క్యూరీ రాసేవాళ్ళకి వర్క్‌షాప్‌లు పెడతారు, పాత సక్సెస్ అయిన ప్రపోజల్స్ చదవనిస్తారు కొన్నిచోట్ల, కాపీ ఇవ్వకపోయినా అక్కడే కూర్చుని చదవండి. ఇంకో సంగతి, ఈ ఆఫీసులకి లోపలి డెడ్‌లైన్లు ఉంటాయి, బయట డెడ్‌లైన్ సెప్టెంబర్ అయితే వీళ్ళకి ఆగస్టులోనే చెప్పాలి, ఆగస్టులో సగం జర్మనీ సెలవు మీద ఉంటుంది. పోర్టల్ కూడా అంతే, డీఎఫ్‌జీ వాళ్ళ ఎలాన్‌లో ముందే రిజిస్టర్ అయ్యి ఉండాలి, అది అప్పటికప్పుడు అయ్యే పని కాదు, చివరి గంటలో యూరోపియన్ పోర్టల్ తెరవడం అంటే పది గంటలకి తత్కాల్ టికెట్ కొట్టడమే.

డబ్బు ఏ రూపంలో వస్తుందన్నది కూడా చూసుకోండి. స్టెల్లె అంటే ఉద్యోగం, కాంట్రాక్ట్, మామూలుగా టీవీ-ఎల్ 13 అనే ప్రభుత్వ జీతాల స్కేల్, పెన్షన్, హెల్త్ ఇన్సూరెన్స్, నిరుద్యోగ బీమా అన్నీ జీతంలోనే కట్ అవుతాయి. స్టిపెండియం అంటే నెలనెలా అకౌంట్లో డబ్బు పడుతుంది, పన్ను చాలాసార్లు ఉండదు, కానీ ఇన్సూరెన్స్ మీరే చూసుకోవాలి, పెన్షన్ లెక్కలోకి రాదు. మేరీ క్యూరీ, జర్మనీ లోపల చేసే వాల్టర్ బెన్యామిన్ ఉద్యోగం రకం, హుంబోల్ట్ స్టైపెండ్ రకం. చేతికొచ్చేది చూసి స్టైపెండే ఎక్కువ కదా అనిపిస్తుంది, ఇన్సూరెన్స్ తీసేసి చూడండి. ఒకదాన్నుంచి ఇంకోదానికి మారేటప్పుడు వీసా సంగతి ఆవుస్‌లెండర్‌బెహోర్డెలో, అంటే విదేశీయుల ఆఫీసులో, ముందే కనుక్కోవాలి, అపాయింట్‌మెంట్ దొరకడానికే నెలలు పట్టే ఊళ్ళున్నాయి. ఇక్కడ ఇంకో చట్టం కూడా ఉంది, పీహెచ్‌డీ తర్వాత టెంపరరీ కాంట్రాక్ట్‌ల మీద మామూలుగా ఆరేళ్ళే, మెడిసిన్‌లో తొమ్మిది, ఆ తర్వాత కూడా బయటి గ్రాంట్ డబ్బు మీద అయితే కాంట్రాక్ట్ ఇవ్వడానికి వీలుంది, అందుకే సొంత గ్రాంట్ ఉన్నవాళ్ళు కొంచెం నిద్రపోతారు రాత్రిళ్ళు.

ఈఆర్‌సీ, అంటే యూరోపియన్ రీసెర్చ్ కౌన్సిల్, వాళ్ళ స్టార్టింగ్ గ్రాంట్ గురించి అందరూ అడుగుతారు, ఐదేళ్ళకి 15 లక్షల యూరోల దాకా, పోటీ మామూలుగా ఉండదు. పీహెచ్‌డీ తర్వాత 2 నుంచి 7 ఏళ్ళ మధ్య అన్నది చాలాకాలంగా నడిచిన లెక్క, ఆ లెక్కలు మారుతుంటాయి కాబట్టి మీరు వేసే ఏడాది వర్క్ ప్రోగ్రాం తెరిచి చూడండి. పిల్లలు పుట్టిన తల్లులకి ఒక్కో బిడ్డకి 18 నెలలు కలుపుతారు, ఇది చాలామంది అమ్మాయిలకి తెలియక నా టైం అయిపోయింది అనుకుని వదిలేస్తున్నారు. జర్మనీ కేంద్ర రీసెర్చ్ మినిస్ట్రీ కాల్స్ ఎక్కువగా జర్మన్‌లో ఉంటాయి, కంపెనీలూ యూనివర్సిటీలూ కలిసి వేసేవి ఎక్కువ, మొదటి ఏడాది మీ ప్రొఫెసర్ పక్కన కూర్చుని చూడండి చాలు. ఫౌండేషన్లు బోలెడు, ఫోక్స్‌వాగెన్ ఫౌండేషన్ హానోవర్‌లో ఉంది, పేరు చూసి కార్ల రీసెర్చ్‌కి అనుకోకండి, కంపెనీతో సంబంధం లేని స్వతంత్ర సంస్థ, సోషల్ సైన్స్ వాళ్ళు కూడా వేయొచ్చు. క్యాన్సర్ మీద పనిచేసేవాళ్ళు డాయిచె క్రెబ్స్‌హిల్ఫే చూడండి.

మొదట చిన్నవి తెచ్చుకోండి, కాన్ఫరెన్స్ ట్రావెల్, రెండు వారాలు ఇంకో ల్యాబ్‌కి వెళ్ళొచ్చే డబ్బు, యూనివర్సిటీ లోపలి అన్‌షుబ్‌ఫినాన్సియరుంగ్, అంటే పెద్ద ప్రపోజల్ రాయడానికి ముందు ప్రాథమిక డేటా కోసం ఇచ్చే కొద్ది డబ్బు. జర్మన్ రివ్యూవర్లు ఫొరార్బైటెన్ అని ముందు చేసిన పని కోసం వెతుకుతారు, ఆ చిన్న డబ్బుతో వచ్చిన రెండు గ్రాఫులే పెద్ద ప్రపోజల్‌ని నిలబెడతాయి. సీవీలో ఇంపాక్ట్ ఫ్యాక్టర్, హెచ్ ఇండెక్స్ లాంటి జర్నల్, సైటేషన్ లెక్కలు వేసి మురిసిపోకండి, డీఎఫ్‌జీ రివ్యూలో అవి లెక్కలోకి తీసుకోరు, ముఖ్యమైన పది పేపర్లు ఎంచుకోమంటారు.

తిరిగి వెళ్ళే ఆలోచన ఉన్నవాళ్ళు ఇండియా వైపు కూడా ఒక కన్నేసి ఉంచండి. రామలింగస్వామి, రామానుజన్ ఫెలోషిప్‌లు బయట పనిచేస్తున్న మనవాళ్ళని వెనక్కి రప్పించడానికే ఉన్నాయి, బయోమెడికల్ వాళ్ళకి ఇండియా అలయెన్స్ ఉంది, దాని ఆఫీసు హైదరాబాద్‌లోనే. రెండు దేశాలతో సంబంధం ఉంచుకోవాలంటే గురుగ్రామ్‌లో ఆఫీసు ఉన్న ఇండో జర్మన్ సైన్స్ అండ్ టెక్నాలజీ సెంటర్ కాల్స్ చూడండి, 2010లో పెట్టారు, ఆడవాళ్ళ కోసం వైజర్ అని విడిగా ఉంది, మీ పాత గైడ్ సార్‌తో కలిసి ప్రాజెక్ట్ వేయాలన్నా అక్కడ ఒకసారి చూడండి.

డబ్బు తీసుకుని గ్రాంట్ ఇప్పిస్తాం అని మెయిల్ చేసేవాళ్ళు ఉంటారు, డిలీట్ కొట్టండి, ఇక్కడ చెప్పిన డీఎఫ్‌జీకి గానీ ఈయూ గ్రాంట్లకి గానీ అప్లికేషన్ ఫీజు ఉండదు. రిజెక్ట్ అయితే డీఎఫ్‌జీ రివ్యూవర్ల వ్యాఖ్యలు పంపుతుంది, మేరీ క్యూరీ అయితే ప్రతి సెక్షన్‌కి మార్కులతో రిపోర్ట్ వస్తుంది. కోపం తగ్గాక రెండోసారి చదివి, అందులో దేనికి జవాబు కొత్త డేటా, దేనికి జవాబు ఇంకాస్త తేలిగ్గా రాయడం అని విడదీసుకుని, డీఎఫ్‌జీకి మళ్ళీ వేసేటప్పుడు ఏం మార్చారో ప్రపోజల్‌లోనే చెప్పండి.