గోడపత్రికకు బాక్సర్ జీవితకథ రాయించడం ఎలా?

మహారాష్ట్రలో ప్రాణహిత ఒడ్డున ఉన్న సిరొంచలో, ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో మరాఠీ చదివే పిల్లలు నిఖత్ జరీన్ గురించి గోడపత్రికకు రాయదలచినప్పుడు, పుట్టిన తేదీతో కాక ఒక పోటీతో మొదలుపెట్టించండి. 2022లో ఇస్తాంబుల్‌లో 52 కిలోల విభాగం ఫైనల్లో థాయ్‌లాండ్ క్రీడాకారిణిపై 5-0తో గెలిచి ఆమె ప్రపంచ విజేత అయ్యారు. 5-0 అంటే అయిదు దెబ్బలు కావనీ, అయిదుగురు న్యాయనిర్ణేతలూ ఆమె వైపే మొగ్గారనీ వివరించకపోతే పిల్లలు దాన్ని కబడ్డీ పాయింట్లలా చదువుకుంటారు.

ఆ తరువాతే వెనక్కి వెళ్లి, నిజామాబాద్ బాల్యాన్నీ, 2011లో టర్కీలో గెలిచిన జూనియర్ ప్రపంచ స్వర్ణాన్నీ క్లుప్తంగా చెప్పించి, 2017లో భుజం గాయంతో ఆటకు దూరమైన కాలానికి ఎక్కువ చోటివ్వండి. నా దృష్టిలో కథకు అదే ఆయువుపట్టు.

2023లో ఢిల్లీలో వచ్చిన రెండో ప్రపంచ స్వర్ణం 50 కిలోలది. ఒలింపిక్స్‌లో 52 కిలోల విభాగం లేకపోవడమే ఈ మార్పుకు కారణమని ఒక వాక్యం చేర్పించండి. పారిస్‌లో, చివరికి స్వర్ణం గెలిచిన చైనా బాక్సర్ వూ యూ చేతిలో ఆమె ఓడిన సంగతిని మాత్రం దాచనివ్వవద్దు. కాగితం గోడకెక్కే ముందు సంవత్సరాలనూ బరువులనూ మరొకరిచేత సరిచూడించండి.